బెయిల్ వచ్చినా మనిషి ఇంటికి రాకపోతే ఏం చేయాలి

హన్మకొండ అదాలత్ సెంటర్‌లో నాది చిన్న జిరాక్స్ షాపు. పద్దెనిమిదేళ్లుగా అక్కడే ఉన్నా. నేను లాయర్ని కాను, ఇంటర్ వరకే చదివా. కానీ జైల్లో ఉన్నవాళ్ల తల్లులు, పెళ్లాలు కోర్టులోకి పోయే ముందు ఒకసారి, బయటికొచ్చాక ఒకసారి నా కౌంటర్ దగ్గర ఆగుతారు. ఏ కాగితం దగ్గర ఎవరి పని ఆగిందో నాకు తెలిసిపోతుంది.

2022 మిర్చి సీజన్‌లో మా అక్క కొడుకే లోపలికి పోయాడు. ఎనుమాముల మార్కెట్లో హమాలీ. బండి దొంగతనం కేసు. చేశాడా లేదా అనేది ఇక్కడ రాయను, అది కోర్టు తేల్చాలి. పన్నెండో రోజున బెయిల్ వచ్చింది. మావాడు ఇంటికి వచ్చింది మాత్రం డెబ్బై మూడో రోజున. మధ్యలో అరవై ఒక్క రోజులు ఎందుకు పోయాయంటే, పదివేల చొప్పున పూచీ ఇచ్చే ఇద్దరు షూరిటీలు మాకు దొరకలేదు. అంతే కారణం. "పైసలు కాదే చెల్లే, ఆస్తి ఉన్న మనిషి కావాలంటున్నరు" అని మా అక్క షాపు ముందు కూలబడింది. పైసలైతే చిట్టీ ఎత్తయినా తెద్దుము.

మీకూ అలాంటి రోజు వస్తే ఏం చేయాలో, నాకు తెలిసినంత రాస్తున్నా.

మొదట మూడు సంగతులు ఒక కాగితం మీద రాసుకోండి: ఎఫ్‌ఐఆర్ నంబరు, ఏ స్టేషన్, ఏ సెక్షన్లు. కేసు కోర్టులో ఎక్కాక పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు వస్తుంది. అది ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే వాయిదా ఎప్పుడో ఇంట్లోనే కనిపిస్తుంది. వాయిదా తేదీ తెలుసుకోవడానికే పని మానుకుని కోర్టుకు వచ్చేవాళ్లను వారానికి నలుగురిని చూస్తా. ఒక రోజు కూలీ పోగొట్టుకుని ఒక తేదీ తీసుకెళ్తారు.

ఏ జైలో కూడా అడిగి పెట్టుకోండి. వరంగల్ సెంట్రల్ జైలు 2021లో ఖాళీ చేసి కూల్చేశారు, ఆ స్థలం పెద్దాసుపత్రి కోసం తీసుకున్నారు. ఖైదీలను ఇతర జిల్లాల జైళ్లకు, హైదరాబాద్ వైపు జైళ్లకు పంపారు. ఆసుపత్రి వద్దని ఎవరం అనం. కానీ అంతకుముందు ఆటో ఎక్కి ములాఖత్‌కు పోయేవాళ్లు ఆ తర్వాత రైలెక్కాల్సి వచ్చింది. మావాడిని ఖమ్మంలో పెట్టారు. మా అక్క రెండు నెలల్లో మూడుసార్లే పోగలిగింది. ములాఖత్‌కు ఆధార్ ఒరిజినల్ పట్టుకెళ్లండి.

లాయర్ ఫీజు లేదని ఆగకండి. కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్న ఎవరికైనా లాయర్ని ఉచితంగా పెట్టాలి. కస్టడీలో ఉంటే చాలు, ఆదాయం సర్టిఫికెట్ అక్కర్లేదు. ఫోన్‌లో అయితే 15100. ఫ్రీ లాయర్ పట్టించుకోడని అనేవాళ్లు ఉన్నారు. మేము మొదట పైసలిచ్చి పెట్టుకున్నాయన బెయిల్ పిటిషన్ వరకు వచ్చి, షూరిటీల మాట ఎత్తగానే ఫోన్ తీయడం మానేశాడు. కాబట్టి ఎవరైనా సరే, అడిగి అడిగి చేయించుకోవాలి.

బెయిల్ ఆర్డర్ వచ్చిన రోజే కాపీ తీసుకుని మూడు చోట్ల గీత పెట్టండి: ఎంతమంది షూరిటీలు, ఎంత మొత్తం, ఇంకేం షరతులు. మా ఆర్డర్లో ఇద్దరు, పదివేల చొప్పున. చదవగానే సులువే అనుకున్నా. షూరిటీకి ఆధార్, ఫొటోలతో పాటు సొంత ఇంటి పన్ను రసీదో, భూమి పాస్‌బుక్కో, ప్రభుత్వ ఉద్యోగి అయితే జీతం సర్టిఫికెట్టో అడుగుతారు. ఆస్తి విలువ సర్టిఫికెట్ కూడా తెమ్మంటారు. ఇప్పుడు మా అక్క ఉండే బస్తీ చూడండి. చెరువు శిఖం అంచున రేకుల ఇళ్లు, ఒక్కదానికీ పట్టా లేదు. కరెంటు బిల్లు ఉంటుంది, అది చెల్లదు. చుట్టాలంటే బీడీలు చేసేవాళ్లు, హమాలీలు, మున్సిపాలిటీలో కాంట్రాక్టు మీద ఊడ్చేవాళ్లు. ఇరవై మూడు గడపలు తిరిగాం. మనుషులు చెడ్డవాళ్లేం కాదు, రసీదు ఉన్నవాళ్లే లేరు. జైలుకు పోయినవాడు పేదవాడైతే వాడి చుట్టాలూ పేదవాళ్లే అవుతారు. ఈ సంగతి ఆర్డర్ రాసేవాళ్లకు తట్టదో, తట్టినా పట్టదో నాకు అర్థం కాదు.

ములుగు దగ్గర మా బావకు రెండెకరాలుంది. పాస్‌బుక్ పట్టుకుని పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. వేరే జిల్లా షూరిటీ వద్దన్నారు. 2016కు ముందు ములుగు కూడా వరంగల్ జిల్లాయే కదా అని ఆయన గొణుక్కుంటూ పోయాడు. అప్పుడు నాకు తెలియని సంగతి ఒకటి తర్వాత తెలిసింది. మోతీ రామ్ అనే మధ్యప్రదేశ్ తాపీమేస్త్రీకి ఇదే జరిగింది. పదివేల షూరిటీ అడిగారు, అన్న ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. 1978లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదిలిపెట్టమన్నారు. మీ షూరిటీని జిల్లా పేరుతో కాదంటే లాయర్‌తో ఈ తీర్పు చెప్పించండి. ఈ తీర్పు ప్రింటు నా దగ్గర ఎప్పుడూ ఒక సెట్టు ఉంటుంది, దానికి పైసలు తీసుకోను.

షూరిటీ అడగడానికి పోయినప్పుడు ఎలా మాట్లాడాలనేది కూడా నేర్చుకోవాల్సిందే. మా ఆయన మేనత్త కొడుకు టీచరు. చాయ్ ఇచ్చాడు, బిస్కెట్లు పెట్టించాడు, సంతకం మాట రాగానే టెన్షన్ పడిపోయాడు. ఇల్లు జప్తు అయిపోతుందని, తనను కూడా లోపల వేస్తారని భయం. మాకు జవాబు తెలియక లేచి వచ్చాం. జవాబు ఇది: కేసులో శిక్ష పడితే షూరిటీకి సంబంధం లేదు. ముద్దాయి వాయిదాలకు రాకుండా పారిపోతేనే బాండు మీద రాసిన మొత్తం కట్టమంటారు. పదివేలు రాస్తే పదివేలు. అదీ కట్టకపోతే వసూలు చేస్తారు, చివరికి సివిల్ జైలు దాకా పోవచ్చు. ఈ మాట దాచకండి. నమ్మకం పోతే పూచీని మధ్యలో వదులుకునే దారి కూడా చట్టంలో ఉందని చెప్పండి. దాపరికం లేకుండా చెబితే పదిమందిలో ఒకరైనా ఒప్పుకుంటారు. మాకు చివరికి మార్కెట్లో ఒక అడ్తిదారు, కాశిబుగ్గలో ఉండే రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవరు నిలబడ్డారు. టీచరు కంటే డ్రైవరుకు ధైర్యం ఎక్కువ అని మా అక్క ఇప్పటికీ అంటుంది.

బ్రోకర్ల జోలికి మాత్రం పోకండి. "మనిషికి ఐదువేలు, సాయంత్రానికి పని అయిపోతది" అనేవాడు కోర్టుల చుట్టుపక్కల ఎక్కడో ఒకచోట తగులుతాడు. తెచ్చే ఇంటి పన్ను రసీదు దొంగది. దొరికితే బెయిల్ పోతుంది, కొత్తగా ఫోర్జరీ కేసు పడుతుంది. ఒకే రసీదు నాలుగు పేర్లతో నా మిషన్ మీదికి వచ్చిన రోజు ఉంది, తీయనని చెప్పి పంపేశా.

షూరిటీలు ఎంతకీ దొరక్కపోతే ఊరికే కూర్చోవద్దు. పూచీ సొమ్ము తగ్గించమని, ఇద్దరికి బదులు ఒక్కరు చాలని చెప్పమని సెషన్స్ కోర్టులో గానీ హైకోర్టులో గానీ పిటిషన్ వేయొచ్చు. మావాడి టైంలో అది పాత సీఆర్‌పీసీలో 440 సెక్షన్, 2024 జూలై నుంచి వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 484. షూరిటీకి బదులు నగదు డిపాజిట్ కట్టనివ్వమని 490 కింద అడగొచ్చు. ఇక 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం తప్పకుండా గుర్తుంచుకోండి. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలి. నెలలో షూరిటీ ఇవ్వలేకపోతే షరతులు సడలించాలా అని కోర్టు తనంతట తానే చూడొచ్చు. చూస్తారులే అని ఉండకండి, ఎనిమిదో రోజున మీరే పోయి ఒక దరఖాస్తు రాసివ్వండి, ఒక కాపీ మీద స్టాంపు వేయించుకోండి. అదే ఏడాది కేంద్ర హోంశాఖ పేద ఖైదీల కోసం ఒక పథకం పెట్టింది. విచారణ ఖైదీకి బెయిల్ సొమ్ము కింద 40 వేల దాకా కట్టేలా దాన్ని మొదట్లో రాశారు. జిల్లాలో ఒక కమిటీ చూస్తుంది. గంజాయి కేసులు, ఉగ్రవాదం మీద పెట్టే యూఏపీఏ కేసులు దానికిందకు రావు.

బెయిలే రాకపోతే రోజులు లెక్కపెట్టండి. చిన్న కేసుల్లో అరవై రోజుల్లో, పెద్ద కేసుల్లో తొంభై రోజుల్లో చార్జిషీట్ వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది, కానీ అడిగితేనే. చార్జిషీట్ వచ్చేసిందంటే ఆ అవకాశం పోయినట్టే. అదే కొత్త చట్టం 479 సెక్షన్ ప్రకారం అంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడైతే గరిష్ఠ శిక్షలో మూడో వంతు, కాకపోతే సగం లోపల గడిపితే వదలాలి. మామూలు దొంగతనానికి గరిష్ఠం మూడేళ్లు, అంటే అలాంటివాడికి ఏడాది. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు ఈ లెక్క లేదు. ఒకటికి మించి కేసులు నడుస్తున్నా లేదు. పేదవాడు ఇక్కడే దెబ్బతింటాడు. ఒక బండి కేసులో పట్టుకున్నవాడి పేరు నాలుగు పాత బండి కేసుల్లోకి ఎక్కడం నేను జిరాక్స్ తీసిన కాగితాల్లో కొత్తేం కాదు. వేరే స్టేషన్ నుంచి పీటీ వారంట్, అంటే జైల్లో ఉన్నవాణ్ని ఇంకో కేసులో కోర్టుకు తెమ్మనే వారంట్, ఉందేమో షూరిటీలు పెట్టకముందే కనుక్కోండి.

కులం సంగతి చెప్పకపోతే ఇది సగమే అవుతుంది. నా దగ్గరికి వచ్చే ఎరుకల కుటుంబాల కాగితాల్లో "పాత నేరస్తుడు" అన్న మాట తొందరగా కనిపిస్తుంది. 1871లో బ్రిటిష్‌వాళ్లు కొన్ని కులాలనే పుట్టు నేరస్తులని చట్టం చేశారు, 1952లో దాన్ని ఎత్తేశారు, వాసన మాత్రం పోలేదు. జైల్లో కులాన్ని బట్టి పని ఇవ్వడం చెల్లదని, రిజిస్టర్లలో కులం కాలమ్ తీసేయాలని సుప్రీంకోర్టు 2024 అక్టోబర్‌లో చెప్పాల్సి వచ్చింది. మా అమ్మాయి సోషియాలజీ చదువుతుంది, తను ఒక సంగతి చెప్పింది. న్యూయార్క్‌లో 2010లో కలీఫ్ బ్రౌడర్ అనే పదహారేళ్ల నల్లజాతి పిల్లాడిని బ్యాగు దొంగతనం అని పట్టుకున్నారట. బెయిల్‌కు 3,000 డాలర్లు అడిగితే ఇంట్లో లేవు. విచారణే జరగకుండా మూడేళ్లు జైల్లో ఉంచి, 2013లో కేసు కొట్టేశారు. "అమ్మా, అక్కడ రంగు, ఇక్కడ కులం, లోపల ఉంచేది మాత్రం రెండుచోట్లా పైసలే" అంది. మన దేశంలో 2022 చివరికి జైళ్లలో 5,73,220 మంది ఉంటే 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురికి ఇంకా శిక్షే పడలేదు.

విడుదల రోజు గురించి ఎవరూ చెప్పరు కాబట్టి అది కూడా రాస్తా. షూరిటీలు కోర్టులో సంతకం పెట్టడం పొద్దున్నే అయ్యేలా చూసుకోండి. రిలీజ్ ఆర్డర్ జైలుకు సాయంత్రం దాటి చేరితే ఆ రాత్రి కూడా లోపలే. మావాడి విషయంలో అదే అయింది, అక్క ఖమ్మం స్టేషన్‌లో పడుకుంది. ఒక జత బట్టలు, చార్జింగ్ ఉన్న ఫోన్, దారిఖర్చు పట్టుకుపోండి. ఆకలి మీద బయటికి వస్తారు, మావాడు గేటు దాటగానే ఆరు ఇడ్లీలు తిని అప్పుడు మాట్లాడాడు. మర్నాడే షూరిటీల ఇంటికి తీసుకుపోయి కనిపించమనండి. వాయిదా తేదీలు వాళ్లకూ ఫోన్ చేసి చెబుతుండాలి. ఒంట్లో బాగాలేక పోలేకపోతే ఆ రోజే లాయర్‌తో పిటిషన్ వేయించండి, లేకపోతే వారంట్ వస్తుంది. మా డ్రైవరన్న ప్రతి వాయిదాకు ముందు రోజు తనే ఫోన్ చేస్తాడు, "రేపు పోతున్నవా బిడ్డా" అని.