అమ్మమ్మ అడ్డిగను కరిగించే ముందు

మా నాన్న విశాఖపట్నం కురుపాం మార్కెట్ దగ్గర ఒక సందులో 40 ఏళ్లుగా నగలు చేస్తున్నారు. నేను డిగ్రీ చదివే రోజుల నుంచి ఆయన పక్కన కూర్చుని ఆర్డర్లు రాసుకుంటూ, బొమ్మలు గీస్తూ ఉన్నాను. ఇప్పుడు డిజైన్లన్నీ నావి, చేతిపని నాన్నదీ తమ్ముడిదీ. మా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది రుమాల్లో కట్టిన పాత నగతో వస్తారు. మూట విప్పుతూనే "దీన్ని కరిగించి ఏదైనా కొత్తది చేసిపెట్టండి" అంటారు.

నాన్న వెంటనే సరే అనరు. "ఉండమ్మా, ముందు చూద్దాం" అని భూతద్దం తీస్తారు. మీరు కూడా కంసాలి దగ్గరకు వెళ్లే ముందు ఇంట్లో పగటి వెలుగులో ఒకసారి ఆ నగని తిప్పి చూడండి. ముందువైపు కన్నా వెనకవైపే ఎక్కువ చెబుతుంది. వెనక మూసి ఉండి, లోపల లక్క నింపి, కెంపుల చుట్టూ పల్చటి బంగారు రేకు నొక్కి బిగించి ఉంటే అది పాతకాలపు చేతిపని. అలాంటి పని చేసేవాళ్లు ఇప్పుడు తక్కువ. కరిగిస్తే మిగిలేది బంగారం ఒక్కటే. ఆ పని మళ్లీ రాదు.

కిందటి వేసవిలో గాజువాక నుంచి ఒక పెద్దావిడ వాళ్ల అమ్మగారి కెంపుల అడ్డిగ, అంటే మెడలో వేసుకునే రాళ్ల హారం, తెచ్చారు. కూతురికి ఋషికొండ దగ్గర కంపెనీలో ఉద్యోగం. అంత బరువైనది మెడలో వేసుకోనంటోంది, ఊరికే బీరువాలో ఉండటం ఎందుకని ఆవిడ బాధ. నాన్న దాన్ని గుడ్డ మీద పరిచారు. పక్క బిళ్లల్లో నాలుగింటికి ఎప్పుడో సీసంతో అతుకులు వేశారు, రాళ్లు కూడా మారిపోయాయి. మధ్య పతకం మాత్రం చెక్కుచెదరలేదు. రెండు చిలకలు, మధ్యలో కలువ. చిలక కంటికి ఆవగింజంత కెంపు. కొక్కెం దగ్గర బంగారం అరిగి నున్నగా అయిపోయింది, అరవై ఏళ్లు ఒకే చెయ్యి దాన్ని తగిలించి తీసిన చోటు అది. పతకాన్ని అలాగే ఉంచి సన్నటి గొలుసుకి వేద్దామని, పక్క బిళ్లలు మాత్రం కరిగించి ఆ గొలుసుకీ, అమ్మాయికి చిన్న దుద్దులకీ వాడదామని చెప్పాం. ఆవిడ పతకాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అలాగే చెయ్యండి" అన్నారు.

అంతా కరిగించడం, అంతా దాచడం, ఈ రెండే దారులు కావు. ఏది ఉంచాలి, ఏది కరిగించాలి అన్నది ముందు తేల్చుకోండి.

ఇక తూకం. ఇక్కడే జనం ఎక్కువ నష్టపోతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. నగ ఇచ్చే ముందు ముందూ వెనకా ఫొటోలు తీసుకోండి. మొత్తం బరువు మీ ఎదుటే తూయించండి. రాళ్లు, లక్క మీ ఎదుటే తీయించి, లెక్కపెట్టి, ఒక కవర్లో వేయించుకుని, మిగిలిన బంగారాన్ని మళ్లీ తూయించండి. ఉదాహరణకి నగ 40 గ్రాములు తూగింది, రాళ్లూ లక్కా కలిపి 9 గ్రాములు. అంటే బంగారం 31 గ్రాములు. అది 20 క్యారెట్లని తేలితే, అంటే 83.3 శాతం, అందులో మేలిమి (24 క్యారెట్ల) బంగారం 25.8 గ్రాములు. దాన్ని 22 క్యారెట్ల లెక్కలోకి మారిస్తే సుమారు 28.2 గ్రాములు. 40 గ్రాముల నగ ఇచ్చి 40 గ్రాముల నగ రాలేదేమిటని అడిగేవాళ్లకు నేను ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తాను.

బంగారం స్వచ్ఛత చెప్పే క్యారెట్ మీటర్ నగ పైపొరనే చదువుతుంది. లోపల టంకం (అతుకు లోహం) ఎక్కువున్న పాత నగల్లో ఆ అంకె మోసం చేయవచ్చు. అందుకే కరిగించిన తర్వాత ఆ ముద్దని మళ్లీ టెస్ట్ చేయమని అడగండి. మా పెద్దమ్మ ఒకసారి బయట ఒక షాపులో గుత్తపూసల హారం మార్పించుకుంది. రాళ్లతో, పూసలతో కలిపిన బరువు మీద తరుగు (పనిలో పోయే బంగారానికి వేసే లెక్క) కట్టారు. ఇంటికొచ్చి బిల్లు చూసేదాకా ఎవరూ గమనించలేదు. తరుగు ఎంత శాతం, ఏ బరువు మీద, మజూరీ (చేతిపని కూలి) వేరేనా అందులోనేనా అన్న మూడు ప్రశ్నలు అడ్వాన్సు ఇవ్వకముందే అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

డిజైన్ మాటకొస్తే, ఫోన్లో ఫొటో చూపించి "ఇలాగే" అంటే సరిపోదు. ఎవరు వేసుకుంటారు, రోజూనా పండగలకా, జుట్టు పొడవా పొట్టా, కంప్యూటర్ ముందు పనా వంటింట్లో పనా అని నేను అడుగుతాను. మీ కంసాలి అడగకపోతే మీరే చెప్పండి. రోజూ వేసుకునే ఉంగరానికి రాయి పైకి లేచి ఉండకూడదు, చీర కొంగుకీ తువ్వాలుకీ పట్టి, రాయిని పట్టి ఉంచే పళ్లు లేస్తాయి. ఒక్కో బుట్ట కమ్మ 8 గ్రాములు దాటితే నేను బరువు మోయడానికి జుట్టులోకి తగిలించే మాటీలు కూడా గీస్తాను, లేకపోతే చెవి తమ్మె సాగిపోతుంది. వజ్రాలకు 18 క్యారెట్లే మంచిది. 22 క్యారెట్ల బంగారం మెత్తన, చిన్న రాయిని గట్టిగా పట్టి ఉంచలేదు.

బొమ్మ అసలు సైజులో గీయించుకోండి. నేను గీసిన కాగితాన్ని కత్తిరించి మెడ మీద పెట్టి అద్దంలో చూపిస్తాను. కాగితం మీద అందంగా ఉన్న పతకం మెడ గుంటలో సగం దాక్కుంటుంది ఒక్కోసారి. పోత పని అయితే మైనం నమూనా వస్తుంది, దాన్నీ పెట్టుకుని చూడండి. మైనం 1 గ్రాము ఉంటే 22 క్యారెట్ల బంగారంలో సుమారు 18 గ్రాములవుతుంది. బడ్జెట్ దాటుతోందా అన్నది అక్కడే తెలిసిపోతుంది. మార్పులు చెప్పాలంటే అదే ఆఖరి చోటు.

ఉంగరం కొలత పొద్దున్నే చల్లటి వేళ ఇవ్వకండి. మన ఊరి ఎండకి, ఉక్కకి సాయంత్రానికి వేళ్లు ఉబ్బుతాయి. గాజుల సైజు చాలామంది నోటితో చెప్తారు కానీ అర్థం తెలియదు. రెండూ ఆరు అంటే లోపలి అడ్డకొలత 2 అంగుళాల 6/16, అంటే 60.3 మిల్లీమీటర్లు. రెండూ ఎనిమిది అయితే 63.5. మీకు సరిపోయే పాత గాజు ఒకటి తెస్తే ఏ గొడవా ఉండదు.

నగ చేతికొచ్చాక బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 22కె916 లాంటి స్వచ్ఛత అంకె, అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడిగా ఇచ్చే కోడ్) ఉన్నాయో లేదో భూతద్దంతో చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి షాపుల్లో అమ్మే హాల్‌మార్క్ నగకు ఆ కోడ్ ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వివరాలు వస్తాయి. కుందన్, పోల్కీ, జడావు లాంటి రాళ్లు పొదిగిన పనికి మినహాయింపు ఉంది. వాటికి బిల్లులో క్యారెట్, బంగారం బరువు, రాళ్ల బరువు విడివిడిగా రాయించుకోవాలి.

ఇప్పుడు జాగ్రత్తల సంగతి. ఇది నాకు దెబ్బతిని తెలిసింది. పదో తరగతిలో ఉండగా, మార్గశిర గురువారం కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వెళ్తున్నామని అమ్మ కెంపు దుద్దుల్ని మెరిపిద్దామనుకున్నాను. కుంకుడు రసంలో గంటసేపు నానబెట్టాను. బంగారం తళతళలాడింది. రెండు రోజుల్లో కెంపుల ఎరుపు నల్లబడి, ఎండిపోయిన నేరేడు పండులా అయిపోయింది. ఆ రాళ్ల వెనక మెరుపు కోసం పల్చటి రేకు పెడతారు, నీళ్లు లోపలికి దిగి అది పాడైపోయింది. నాన్న తిట్టలేదు. ఒక్కో రాయీ విప్పి కొత్త రేకు పెట్టారు. విప్పేటప్పుడు రెండు కెంపులు అంచు విరిగాయి. అమ్మ పెళ్లినాటి రాళ్లవి.

అందుకని వెనక మూసి ఉన్న రాళ్ల నగని నీళ్లలో ముంచకండి. పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. పచ్చలకు వేడి నీళ్లు, షాపుల్లో ఉండే అల్ట్రాసోనిక్ మెషిన్ రెండూ పనికిరావు, వాటి పగుళ్లలో నింపిన నూనె పోయి రాయి వెలవెలబోతుంది. ముత్యానికీ పగడానికీ నిమ్మరసం, చింతపండు, కుంకుడు ఏదీ తగలకూడదు, పులుపుకి పైపొర కరుగుతుంది. సెంటు, పౌడరు, హెయిర్ స్ప్రే అన్నీ అయ్యాకే ముత్యాలు వేసుకోండి, ఇంటికి రాగానే ముందు అవే తీయండి. దారం ఏడాదికో రెండేళ్లకో మార్పించండి, ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేయించండి. తెగినా ఒక్కటే పడుతుంది.

రాళ్లు లేని బంగారానికైతే గోరువెచ్చటి నీళ్లు, నాలుగు చుక్కల కుంకుడు రసం, పది నిమిషాలు. పసిపిల్లల బ్రష్‌తో వెనకవైపు రుద్దండి, మురికంతా అక్కడే. గిన్నెలోనే కడగండి, సింకు దగ్గర వద్దు. తర్వాత నూలు గుడ్డ మీద ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనివ్వండి. టూత్‌పేస్టు పెట్టకండి, గీతలు పడతాయి. పాదరసం అసలు తగలనివ్వకూడదు. పగిలిన పాత థర్మామీటర్ కావచ్చు, తెల్లబరుస్తాయని అమ్మే కొన్ని క్రీములు కావచ్చు, తగిలిన చోట బంగారం తెల్లగా మారిపోతుంది. బ్లీచింగ్ పౌడర్, స్విమ్మింగ్ పూల్ నీళ్లు అతుకుల్ని తింటాయి.

ఆర్.కె. బీచ్‌కి వెళ్తే ఉంగరాలు ఇంట్లోనే పెట్టి వెళ్లండి. చల్లటి నీళ్లకి వేలు సన్నబడుతుంది, అల వెనక్కి పోయేటప్పుడు ఉంగరం జారిపోయింది కూడా తెలియదు. ఏటా ఇద్దరు ముగ్గురు ఆ కథతోనే కొత్త ఉంగరం కోసం వస్తారు. ఉప్పుగాలి మన ఊరంతా ఉంటుంది కాబట్టి వెండి త్వరగా నల్లబడుతుంది. ఒక్కోదాన్ని విడిగా జిప్ కవర్లో, సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. ముత్యాలకు మాత్రం జిప్ కవర్ వద్దు, పల్చటి నూలు గుడ్డలో చుట్టండి, మరీ ఎండిపోతే పగులుతాయి.

లాకర్లో ఉన్నా ఆరు నెలలకోసారి తీసి గాలి తగలనివ్వండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి వెళ్లాక తడిసిన వెల్వెట్ పెట్టెలతో ఎందరో మా దగ్గరకు వచ్చారు. వెల్వెట్ రంగు ముత్యాలకు ఎక్కేసింది. ఇంకో మాట, లాకర్లో దొంగతనమో అగ్నిప్రమాదమో జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్ల వరకే, తుపాను లాంటి వాటికి అది కూడా వర్తించదు. మన ఊళ్లో ఉండేవాళ్లు నగలకు ఇన్సూరెన్స్ గురించి ఆలోచించాలి.

తీసినప్పుడల్లా రాళ్ల నగని చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపండి. సన్నటి చప్పుడు వినిపిస్తే ఏదో రాయి వదులైంది. ఆ రోజే బిగింపుకి ఇవ్వండి.

గాజువాక పతకం దసరాకి తయారైంది. కరిగించని ఆ చిలకల వెనక ఏమీ ముట్టుకోలేదు, కొక్కెం మాత్రం కొత్తది వేశాం. అరిగిన పాత కొక్కేన్ని కరిగించొద్దని ఆ అమ్మాయే అడిగింది. చిన్న పొట్లంలో కట్టి, "అమ్మమ్మ కొక్కెం, 0.7 గ్రా." అని రాసి పెట్టెలో పెట్టి ఇచ్చాను.