వాద్యాల మీద చిన్న పత్రిక పెట్టి నిలబెట్టుకోవడం ఎలా?

ఒక మే నెల మధ్యాహ్నం, కడపలో వీణ నేర్పే టీచరమ్మ ఒకరు కర్నూలు నుంచి బస్సులో వచ్చి, ఇంట్లో గవిసెన విప్పి చూసేసరికి వీణ మీద మూడు మెట్లు పక్కకు ఒరిగి ఉన్నాయి. మెట్లను పట్టి నిలిపే మైనం ఎండకు మెత్తబడితే జరిగేది అదే. ఆ మెట్లను మైనంలో శ్రుతికి నిలపడాన్నే మేళం కట్టడం అంటారు. ఆమె నాకు ఫోను చేసి, "మేళం కట్టడం మీద నాలుగేళ్ల కిందట మీరు వేసిన సంచిక ఇంకొకటి దొరుకుతుందా అండీ? నా కాపీ ఎవరో చదివి ఇస్తామని తీసుకుపోయి మళ్లీ ఇవ్వలేదు" అని అడిగారు. వీణ పాఠాలు ఫోనులోనే కావలసినన్ని దొరుకుతున్న రోజుల్లో ఆమె ఒక పాత కాగితం కోసం వెతకడం నాకు చిన్న విషయంగా తోచలేదు. వాద్యాల మీద తెలుగులో పత్రిక పెడితే ఈ కాలంలో నిలుస్తుందా అని అడిగేవారికి నేను చెప్పగలిగిన జవాబు ఆ ఫోనులోనే ఉంది. మరమ్మతు బల్ల దగ్గర పనికివచ్చే విషయాన్ని అచ్చువేస్తూ, అయిదు వందల కాపీలు దాటకుండా, ముందుగా డబ్బు కట్టిన చందాదారుల మీదే నడిపితే నిలుస్తుంది. ఆ పని ఎలా చేయాలో, దెబ్బ ఎక్కడ తగులుతుందో, మూడు నెలలకొక సంచిక తెస్తూ నేర్చుకున్న మేరకు ఇక్కడ రాస్తున్నాను.

ఏం వేయకూడదో ముందు తేల్చుకోవాలి

అమెరికాలో 1967లో మొదలైన గిటార్ ప్లేయర్ పత్రిక 2024తో అచ్చు సంచికలు ఆపివేసింది. ఇంగ్లండులో 1890లో పుట్టి, వయొలిన్ కుటుంబపు వాద్యాలకే అంకితమైన ద స్ట్రాడ్ మాత్రం ఇప్పటికీ వెలువడుతోంది. కొత్త మోడళ్ల వార్తలు, ధరలు, సమీక్షలు ఇంటర్‌నెట్టుకు వెళ్లిపోయాక, వాటిని నమ్ముకున్న పత్రికలకు చదువరులతోపాటు కంపెనీల ప్రకటనలు కూడా పోయాయి. ఒక వాద్యాన్ని జీవితాంతం ఒడిలో పెట్టుకునేవారికి కావలసిన లోతైన విషయాన్ని నమ్ముకున్నవి ఎక్కువ కాలం తట్టుకున్నాయి. 2005లో మొదలైన ఫ్రెట్‌బోర్డ్ జర్నల్ మంచి కాగితం మీద, మంచి ఫొటోలతో, దాచుకోదగిన సంచికలు తెచ్చి, గిటార్లు తయారుచేసేవారినీ వాయించేవారినీ చందాదారులుగా నిలుపుకుంది. మద్రాసులో 1983లో మొదలైన శ్రుతి పత్రిక సంగీత నాట్యాలకు ఇంగ్లీషులో చేసిన సేవ మనకు తెలిసిందే. తెలుగులో, అందులోనూ వాద్యాన్ని ఒక వస్తువుగా, అంటే కట్టె, తోలు, తీగ, రీడులుగా చూసి రాసే చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

అందువల్ల కచేరీ వార్తలు, సన్మానాల ఫొటోలు, పుట్టినరోజు శుభాకాంక్షలు మొదటి సంచిక నుంచే వద్దనుకోవాలి. ఇది చెప్పినంత సులభం కాదు. సన్మానం ఫొటో వేస్తే ఆ సంచిక ఇరవై కాపీలు అప్పటికప్పుడు అమ్ముడుపోతాయి. అయితే ఆ ఇరవై మంది మరుసటి సంచిక కొనరు, మిగతావారు ఆ పేజీలను దాచుకోరు.

వేయవలసినవి మన చుట్టూనే ఉన్నాయి

రాయలసీమలో వాద్యాలకు కొదవ లేదు. గుడిలో నాదస్వరం, డోలు ఉన్నాయి. పద్యనాటకానికి హార్మోనియం ఉంది. అనంతపురం వైపు ఉరుముల వారు వాయించే ఉరుము అనే తోలు వాద్యం ఉంది. ప్రతి జాతరలోనూ పలకలు, భజన గుంపుల చేతుల్లో చెక్కలు, తాళాలు కనిపిస్తాయి. వీటిని చేసేవారు, బాగుచేసేవారు చాలామంది తమ పనిని కాగితం మీద పెట్టలేదు. పత్రిక మొదటి బాధ్యత వారి దగ్గర కూర్చుని చూసి రాయడం.

ఉదాహరణకు హార్మోనియం రీడు శ్రుతి చేయడం మీద వ్యాసం వేస్తున్నారనుకోండి. "రీడును జాగ్రత్తగా గీరాలి" అని రాస్తే ఆ వ్యాసం ఎందుకూ పనికిరాదు. ఇత్తడి రీడు నాలుక కింద పల్చటి బ్లేడు ముక్క దూర్చి ఆనుగా పెట్టుకోవాలని, కొస వైపు కొద్దిగా గీరితే నాలుక బరువు తగ్గి స్వరం పైకి పోతుందని, రివెట్టు దగ్గర మొదట్లో గీరితే బిగువు సడలి స్వరం కిందికి దిగుతుందని, రెండుసార్లు గీరిన ప్రతిసారీ రీడును తిరిగి పెట్టెలో బిగించి తిత్తి కొట్టి వినాలని రాయాలి. బయట పట్టుకుని మీటినప్పుడు వినిపించే స్వరం పెట్టెలో పలికే స్వరంతో సరిపోదు. ఈ నాలుగు ముక్కలకు మూడు ఫొటోలు కావాలి: బ్లేడు దూర్చిన చోటు, కొస మీద గీత, మొదట్లో గీత. ఫొటోలో పనివాడి బొటనవేలు కూడా కనిపించాలి, ఎందుకంటే ఎంత పైకి పట్టుకోవాలో దాన్నిబట్టే తెలుస్తుంది. మా పత్రికలో మొదటిసారి ఈ వ్యాసం వేసినప్పుడు ఫొటోలు మసగ్గా వచ్చి, కొస ఏదో మొదలు ఏదో తెలియక ఒక నాటక సమాజం హార్మోనిస్టు రెండు రీడులు పాడుచేసుకున్నారు. తరువాతి సంచికలో తప్పు ఒప్పుకుని, కొత్త ఫొటోలతో ఆ పేజీని మళ్లీ అచ్చువేశాము. పని నేర్పే పత్రికకు సవరణ పేజీ సిగ్గుపడవలసిన విషయం కాదు, దానిని ప్రతిసారీ ఒకే చోట వేయాలి.

చరిత్రను కూడా వస్తువుతో ముడిపెట్టి రాయించాలి. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని వెలివేసి 1971 దాకా దూరంగా పెట్టిందని అందరూ రాస్తారు. అదే కాలంలో మన నాటక సమాజాలు ఆ పెట్టెను వదలకుండా ఎలా వాడుకున్నాయో పాత పెట్టెలను చూపించి, పాత కళాకారులను అడిగి రాయించడం మనకు మాత్రమే వీలయ్యే పని. అలాగే తమిళనాడులోని నరసింగంపేట నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికి వాడే ఆచా కట్టె మన అనంతపురం, కడప మెట్ట అడవుల్లో పెరిగే నారేపి చెట్టుదే. అక్కడి పనివారు పడగొట్టిన పాత ఇళ్ల నుంచి వచ్చిన ఎండిన కట్టెను ఎందుకు కోరుకుంటారో వివరించే ఒక్క వ్యాసం ఇక్కడి నాదస్వర విద్వాంసులలో చాలామందికి దాచుకోదగినది అవుతుంది. బొబ్బిలి వీణను పనసకట్టెతో చేస్తారన్న సంగతి దగ్గర ఆగిపోకుండా, ఆ కట్టె మన ఎండల్లో ఎలా ప్రవర్తిస్తుందో రాయించాలి.

అచ్చులో వినిపించని దాన్ని వినిపించడానికి వ్యాసం పక్కన ఒక క్యూఆర్ కోడ్ వేసి, ఫోనుతో స్కాన్ చేస్తే అర నిమిషం ధ్వని వచ్చేలా పెట్టవచ్చు. సరైన రీడు, తప్పిన రీడు ఒకదాని తరువాత ఒకటి వినిపిస్తే పది వాక్యాల పని తీరుతుంది. పత్రిక మొత్తాన్ని మాత్రం ఉచితంగా ఫోనులో పెట్టకండి.

కాగితం, బరువు, ప్రెస్సు

పత్రిక ఆకారాన్ని అందం కోసం నిర్ణయించే ముందు తక్కెడలో పెట్టి చూడాలి. ఎ4 కొలతలో 48 పేజీలు 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) మ్యాప్‌లిథో, అంటే మామూలు అచ్చు కాగితం మీద, కవరు 170 జీఎస్ఎం ఆర్ట్ పేపరు మీద వేస్తే ఒక కాపీ దాదాపు 126 గ్రాములు తూగుతుంది. అదే కాగితంతో డెమ్మీ షీటులో ఎనిమిదో వంతు కొలతకు, అంటే మామూలు పుస్తకమంత సైజుకు, 64 పేజీలు వేస్తే 80 గ్రాములు దాటదు. తపాలా ఖర్చు బరువును బట్టే పెరుగుతుంది కనుక మేము చిన్న కొలతను ఎంచుకున్నాము. హార్మోనియం మూత మీద తెరిచి పెట్టుకుని పని చేసుకోవడానికి కూడా అదే అనువుగా ఉందని చదువరులు చెప్పారు. పేజీలు ఎప్పుడూ పదహారు పేజీల ఫారాల లెక్కలో ఉండాలి. అరవై ఎనిమిది పేజీలు కావాలంటే ప్రెస్సువారు నాలుగు పేజీలకు విడిగా డబ్బు అడుగుతారు, అది న్యాయమే. కుట్టు విషయంలో సెంటర్ పిన్ చాలు, పత్రిక బల్ల మీద పరుచుకుని నిలుస్తుంది.

రిజిస్ట్రేషన్‌ను వాయిదా వేయవద్దు. పత్రికల రిజిస్ట్రేషన్‌కు 1867 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2023 నాటి చట్టం 2024 మార్చి 1 నుంచి అమలులో ఉంది. టైటిల్ కోసం, రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వ వెబ్‌సైటు ప్రెస్ సేవా పోర్టల్‌లో ఒకేసారి దరఖాస్తు చేసుకోవచ్చు. "నాదం", "స్వరం" వంటి పేర్లు ఎవరో ఒకరు తీసుకునే ఉంటారు కనుక నాలుగైదు పేర్లు సిద్ధం చేసుకోవాలి. రిజిస్టరు పత్రికలకు తపాలా శాఖ ఇస్తూ వచ్చిన రాయితీ 31 రోజులకు మించని విరామంతో వచ్చేవాటికి ఉద్దేశించినది కాబట్టి, త్రైమాసిక పత్రిక పెట్టేవారు ఆ రాయితీని లెక్కలో వేసుకోకుండా, హెడ్ పోస్టాఫీసులో ఒక నమూనా కాపీ తూకం వేయించి, ఆ ధరతోనే చందా నిర్ణయించుకోవాలి.

డబ్బు లెక్క

ఇక్కడ కొంచెం నిదానంగా చదవమని కోరుతున్నాను, ఎందుకంటే చిన్న పత్రికలు ఎక్కువగా కుంగిపోయేది ఈ చోటనే. మీ ఊరి ప్రెస్సు ధరలు వేరుగా ఉండవచ్చు, పద్ధతి మాత్రం ఇదే. ఏడాదికి నాలుగు సంచికలు, ఒక్కొక్కటి 500 కాపీలు, కాపీకి 40 రూపాయల అచ్చు ఖర్చు అనుకుంటే 80,000 అవుతుంది. సంచికకు అయిదుగురు రచయితలకు తలా 1,000 చొప్పున 20,000, డీటీపీకి (కంప్యూటరులో పేజీలు కూర్చడానికి), ఫొటోలకు సంచికకు 5,000 చొప్పున మరో 20,000 వేసుకుంటే మొత్తం 1,20,000. చందాదారులు ఎంతమంది ఉన్నా ఈ ఖర్చు తప్పదు. తపాలా, కవరు కలిపి కాపీకి 12 రూపాయలైతే ఒక్కో చందాదారుకు ఏడాదికి 48 అవుతుంది. చందా 400 అనుకుంటే చేతికి మిగిలేది 352. లక్షా ఇరవై వేలను 352తో భాగించండి: 341 మంది ఉంటే ఖర్చు సరిపోతుంది, 400 మంది ఉంటే సుమారు 20,800 మిగులుతుంది. సంపాదకుడికి ఇందులో జీతం లేదని గమనించాలి. బతుకుదెరువు కోసం ఈ పనికి దిగేవారిని నేను ఆపుతాను. వేరే ఉద్యోగమో పింఛనో ఉన్నవారు, వారానికి రెండు సాయంత్రాలు పూర్తిగా ఇవ్వగలిగినవారు దిగవచ్చు.

రచయితలకు డబ్బు ఎందుకని కొందరు అడుగుతారు. డోలుకు మూత కట్టే పనివాడు ఒక పూట పని ఆపి మీకు విషయం చెబితే అతని కూలి పోతుంది. ఆ పూట కూలి ఇవ్వని పత్రికకు అతని దగ్గరకు రెండోసారి వెళ్లే అర్హత లేదని నా గట్టి అభిప్రాయం.

జీవిత చందా మాత్రం తీసుకోకండి. తెలుగులో చిన్న పత్రికలు తరతరాలుగా చేస్తూ వచ్చిన తప్పు ఇది. మేము కూడా మొదటి ఏడాది ఎనభై మంది దగ్గర తలా 2,000 తీసుకుని, ఆ లక్షా అరవై వేలు చూసి మురిసిపోయి, రంగుల పేజీలు వేసి రెండేళ్లలో ఖర్చు పెట్టేశాము. ఆ తరువాత ప్రతి సంచికకు ఎనభై కాపీలు మా జేబు నుంచి అచ్చువేసి, తపాలా కట్టి పంపవలసి వచ్చింది. ఇచ్చిన మాట కనుక ఇప్పటికీ పంపుతున్నాము. ఏడాది చందా, మహా అయితే రెండేళ్ల చందా, అంతకు మించి ఎవరు ఇవ్వబోయినా చేతులు జోడించి వద్దనండి. వచ్చిన చందాను విడి ఖాతాలో వేసి, సంచిక వెలువడిన తరువాతే దాని నాలుగో వంతు బయటికి తీయండి. రేపు పత్రిక ఆపవలసివస్తే మిగిలిన సంచికల డబ్బు తిరిగి ఇవ్వడానికి అది అలాగే ఉండాలి.

ప్రకటనలు వస్తే తీసుకోవచ్చు, కానీ లెక్కలో వాటిని సున్నాగా చూపండి. ఒక వాద్యాల దుకాణం మాకు ఏడాది పాటు వెనుక కవరు ప్రకటన ఇచ్చి, వారు అమ్మే ఎలక్ట్రానిక్ తంబుర గురించి మంచిగా రాయమని అడిగింది. రాయలేదు, ప్రకటన ఆగింది. 341 అనే అంకె ప్రకటన లేకుండానే కట్టుకున్నది కనుక ఆ సంచిక ఆలస్యం కాలేదు.

చందా ఎప్పుడు అడగాలి

క్యాలెండరు సంవత్సరాన్ని బట్టి మన చదువరుల చేతిలో డబ్బు ఆడదు. మాఘం నుంచి వైశాఖం దాకా పెళ్లిళ్లు, తిరుణాళ్లు ఉన్నప్పుడు నాదస్వరం, డోలు కళాకారులకు తీరిక ఉండదు, డబ్బు మాత్రం ఉంటుంది. ఆషాఢంలో తీరిక ఉంటుంది, డబ్బు ఉండదు, వాద్యాలు మరమ్మతుకు వెళ్లేదీ అప్పుడే. అందుకే చందాలు ఉగాది ముందు వసూలు చేసి, మరమ్మతుల ప్రత్యేక సంచికను ఆషాఢం మొదటి వారానికి చేరేలా పంపుతాము. దేవుని కడపలో రథసప్తమి రోజుల్లో, ఒంటిమిట్టలో కోదండరాముని కల్యాణం రోజుల్లో మేళాలవారు ఒకే చోట కలుస్తారు. ఒక సంచి, రసీదు పుస్తకం, పాత సంచికలు తీసుకుని వెళ్లండి. వాయిద్యం జరుగుతున్నంతసేపు పక్కకు పోకండి, భోజనాల వేళ కలవండి. అన్నా అని పిలిచి, ముందు వారి వాద్యం సంగతి అడిగి, తరువాతే పత్రిక చేతిలో పెట్టండి. చదవడం రానివారు కూడా చందా కడతారు, ఇంట్లో పిల్లలు చదివి వినిపిస్తారు. అలా చదివి వినిపించేవారి కోసం అక్షరాలను 13 పాయింట్ల కంటే తగ్గించవద్దు.

మిగిలిన కాపీలు

చందాదారులకు పోగా మిగిలే వందలో కొన్ని రచయితలకు, పనివారికి వెళ్తాయి. 1954 నాటి గ్రంథాల సమర్పణ చట్టం ప్రకారం నిర్దేశించిన గ్రంథాలయాలకు ఒక్కొక్కటి పంపాలి. కడపలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి ఒకటి మీరే తీసుకువెళ్లి ఇవ్వండి. కనీసం యాభై కాపీలను మాత్రం ఎవరు అడిగినా ఆ ఏడాది అమ్మకుండా, ప్లాస్టిక్ కవరులో చుట్టి, చెద పట్టని ఇనుప బీరువాలో పెట్టుకోండి. పాత సంచికను ముఖవిలువకు రెండింతలకు అమ్మినా కొనేవారుంటారు, ఆ డబ్బు కష్టకాలంలో ఒక ఫారం అచ్చుకు సరిపోతుంది.

ఆ టీచరమ్మకు పంపిన మేళం సంచిక మా బీరువాలోని యాభైలో నలభై మూడవది. మిగిలిన ఏడింటిని అలాగే ఉంచి, ఆ వ్యాసాన్ని ఈసారి మైనం మెత్తబడిన వీణను దగ్గర నుంచి తీసిన ఫొటోలతో, ఆమె అనుమతితోనే, వచ్చే ఆషాఢం సంచికలో మళ్లీ వేస్తున్నాము.