అమెరికాలో అణు విద్యుత్ కేంద్రం లైసెన్సు పొడిగింపు: దరఖాస్తు ఎప్పుడు వేయాలి, ఏమేం చూపించాలి

అమెరికాలో అణు రియాక్టర్‌కు మొదట ఇచ్చే ఆపరేటింగ్ లైసెన్సు 40 ఏళ్లకు. యంత్రాలు అంతకన్నా ఎక్కువ కాలం పనిచేయవని లెక్కగట్టి పెట్టిన గడువు కాదది. పెట్టుబడి తిరిగి రావడానికి పట్టే కాలం, గుత్తాధిపత్య నిరోధక చట్టాలు చూసుకుని పెట్టింది. ఆ తర్వాత కూడా నడపాలంటే అణు నియంత్రణ కమిషన్ (ఎన్ఆర్‌సీ) దగ్గర పొడిగింపు తెచ్చుకోవాలి. ఒక్కో పొడిగింపు గరిష్ఠంగా 20 ఏళ్లు. మేరీలాండ్‌లోని కాల్వర్ట్ క్లిఫ్స్ 2000 మార్చిలో మొట్టమొదట 60 ఏళ్ల వరకు అనుమతి పొందింది. 80 ఏళ్ల వరకు మొదటి అనుమతి 2019 డిసెంబరులో ఫ్లోరిడాలోని టర్కీ పాయింట్‌కు వచ్చింది.

దరఖాస్తు వేసేది కంపెనీయే. కానీ దాని వెనక వేల పేజీలు రాసేది ఇంజినీర్లు. ఈ పనిలో ఉన్న, కొత్తగా చేరబోతున్న తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నింపి ఇచ్చేయడానికి ఇక్కడ అచ్చు ఫారం ఉండదు. ప్లాంట్‌లో ఏది పాతబడుతోంది, దాన్ని ఎవరు, ఎలా, ఎన్నాళ్లకోసారి చూస్తారు అన్నదే దరఖాస్తు.

ఎప్పుడు వేయాలి

నిబంధనలు అమెరికా సమాఖ్య నిబంధనల సంకలనంలో, 10 సీఎఫ్ఆర్ పార్ట్ 54లో ఉన్నాయి. ఉన్న లైసెన్సు ముగియడానికి 20 ఏళ్ల కన్నా ముందే వేస్తే తీసుకోరు. కనీసం 20 ఏళ్లు నడిపిన అనుభవం చేతిలో ఉండాలన్నది దీని ఉద్దేశం. రెండో కొస ఇంకా ముఖ్యం. గడువుకు కనీసం ఐదేళ్ల ముందు సరిపడా వివరాలతో దరఖాస్తు అందితే, ఎన్ఆర్‌సీ నిర్ణయం ఆలస్యమైనా పాత లైసెన్సు చెల్లుతూనే ఉంటుంది. ఐదేళ్ల గీత దాటాక వేస్తే ఆ రక్షణ ఉండదు. కాలిఫోర్నియాలోని డయాబ్లో కాన్యన్‌కు ఈ చిక్కే వచ్చింది. 2009లో వేసిన దరఖాస్తును 2018లో వెనక్కి తీసుకున్నారు. గడువు తర్వాత కూడా నడపాలని మళ్లీ అనుకునేసరికి ఐదేళ్ల గీత దాటిపోయింది. 2023 మార్చిలో ప్రత్యేక మినహాయింపు తెచ్చుకుని, ఆ ఏడాది నవంబరులో కొత్త దరఖాస్తు వేశారు. మినహాయింపు దొరుకుతుందన్న నమ్మకంతో ఎవరూ కూర్చోకూడదు.

ఏ భాగాలు లెక్కలోకి వస్తాయి

ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువ తడబడతారు. మొదట మూడు గుంపులు తీయాలి: భద్రతకు నేరుగా పనికొచ్చేవి, తాము భద్రతకు సంబంధించనివే అయినా పాడైతే భద్రతా పరికరాన్ని దెబ్బతీసేవి, అగ్నిప్రమాదం, మొత్తం కరెంటు పోవడం లాంటి ప్రత్యేక సందర్భాల కోసం నమ్ముకున్నవి. రెండో గుంపును చిన్నచూపు చూడొద్దు. భద్రతా ప్యానెల్ పైనుంచి వెళ్లే మామూలు నీళ్ల పైపు అందులోకే వస్తుంది.

తర్వాత ఆ జాబితాలోంచి కదలకుండా పనిచేసేవి, కాలం తీరిందని మార్చేయనివి మాత్రమే ఉంచుకోవాలి. ఒకే పంపులో మోటారు లెక్కలోకి రాదు, పంపు కేసింగ్ వస్తుంది. వాల్వు లోపల తిరిగే భాగం రాదు, వాల్వు బాడీ వస్తుంది. మోటారు తిరుగుతుంది కాబట్టి పాడైతే ఆగిపోయి తానే చెబుతుంది. పైగా దాన్ని ఎప్పటికప్పుడు పరీక్షించే మెయింటెనెన్స్ నిబంధన వేరేగా ఉంది. కేసింగ్, కేబుల్, గోడ, అణు ఇంధనం ఉండే ఉక్కు రియాక్టర్ పాత్ర ఇవేవీ ఏమీ చెప్పవు. 30 ఏళ్లు మౌనంగా అరిగిపోతాయి. నా దృష్టిలో ఈ దరఖాస్తు మొత్తం ఆ మాట్లాడని భాగాల తరఫున రాసే కాగితం.

నేను పనిచేసిన ఒక ప్లాంట్‌లో జరిగింది చెబుతాను. డ్రాయింగ్ ప్రకారం కేబుల్ పొడి చోటులోంచి వెళ్తోంది. మ్యాన్‌హోల్ మూత ఎత్తితే నీళ్లు నిండుగా ఉన్నాయి. పంపు పెట్టి తోడాక చూస్తే, గోడ మీద నీటి మరక మోకాలెత్తున ఉంది. అంటే ఆ నీళ్లు నిన్నటి వానవి కావు. కేబుల్ పైతొడుగు మెత్తబడి, చేత్తో తుడిస్తే జిగురులా అంటుకుంది. అప్పటిదాకా దరఖాస్తు ముసాయిదాలో ఆ కేబుల్ పక్కన ‘తడి లేదు’ అని ఉంది. ఆ రోజు నుంచి నా పద్ధతి ఒక్కటే. డ్రాయింగ్ చూసి రాసిన ప్రతి లైనుకూ ఎవరో ఒకరు టార్చి పట్టుకుని వెళ్లి చూసి రావాలి.

ఏజింగ్ ప్రోగ్రామ్ రాయడం

మిగిలిన ప్రతి భాగానికీ నాలుగు విషయాలు రాస్తారు: ఏ లోహం లేదా పదార్థం, దాని చుట్టూ ఏముంది, దానివల్ల ఏం దెబ్బ తగలొచ్చు, దాన్ని ఏ ప్రోగ్రామ్ (పాతబడటాన్ని కనిపెట్టి అదుపులో ఉంచే పద్ధతి) చూసుకుంటుంది. భాగాలు పాతబడటం మీద ఇప్పటిదాకా నేర్చుకున్న పాఠాలతో ఎన్ఆర్‌సీ ప్రచురించిన ‘గాల్’ నివేదిక దీనికి ఆధారం. మొదటి పొడిగింపుకు ఒకటి, 80 ఏళ్ల దాకా వెళ్లేవాళ్లకు వేరే సంచిక ఉన్నాయి. మీ ప్రోగ్రామ్ గాల్‌లో ఉన్నట్టే ఉంటే అలాగే ప్రకటించవచ్చు. ఎక్కడైనా తేడా ఉంటే దాచకుండా మినహాయింపుగా చూపించి కారణం రాయాలి.

ప్రతి ప్రోగ్రామ్‌కీ పది అంశాలు ఉంటాయి. ఏ భాగాలకు వర్తిస్తుంది, నివారణ ఏమిటి, ఏం కొలుస్తారు, దెబ్బను ఎలా కనిపెడతారు, మార్పును ఎలా గమనిస్తారు, ఎంతవరకు ఒప్పుకుంటారు, దాటితే ఏం చేస్తారు అనేవి అందులో ప్రధానం. పదో అంశం మీ ప్లాంట్‌లోనూ బయటా జరిగిన అనుభవం. ఆడిట్‌కు వచ్చేవాళ్లు నేరుగా అక్కడికే వెళ్తారు. పైన చెప్పిన లాంటి కేబుళ్లకు గాల్ చెప్పేది సూటిగా ఉంటుంది: మ్యాన్‌హోళ్లను కనీసం ఏడాదికోసారి చూడాలి, మీడియం వోల్టేజ్ కేబుల్‌ను కనీసం ఆరేళ్లకోసారి పరీక్షించాలి.

ఈ అనుభవం అన్న అంశం ఎందుకంత బరువైందో ఒహాయోలోని డేవిస్-బెస్సీ చెబుతుంది. 2002 మార్చిలో అక్కడ రియాక్టర్ పాత్ర మూత మీద నాజిళ్లు బాగుచేస్తుండగా ఒక గుంత బయటపడింది. పగిలిన నాజిల్ నుంచి కారిన బోరిక్ ఆమ్లం ఆరు అంగుళాలకు పైగా మందమున్న ఉక్కును తినేసింది. లోపలి వైపు తాపడంగా వేసిన, సెంటీమీటరు కన్నా పల్చటి స్టెయిన్‌లెస్ పొర ఒక్కటే ఒత్తిడిని ఆపుతూ నిలిచింది. అదే కేంద్రం తర్వాత దరఖాస్తు వేసి 2015 డిసెంబరులో పొడిగింపు పొందింది. బోరిక్ ఆమ్లపు తుప్పు కోసం గాల్‌లో ప్రత్యేకంగా ఒక ప్రోగ్రామే ఉంది. కారి ఆరిపోయిన ఆమ్లపు తెల్లటి పొడి మరక కనబడితే తుడిచేసి వచ్చేయకూడదు, అది ఎక్కడినుంచి కారిందో పట్టుకోవాలి.

40 ఏళ్లకు కట్టిన లెక్కలు

ప్లాంట్ కట్టినప్పుడు 40 ఏళ్లు అనుకుని వేసిన లెక్కలు కొన్ని ఉంటాయి. న్యూట్రాన్ల తాకిడికి రియాక్టర్ పాత్ర పెళుసుబారడం, వేడెక్కి చల్లారే ప్రతిసారీ లోహం అలసిపోవడం, కాంక్రీట్‌ను బిగించి పట్టే ఉక్కు తీగల (టెండన్ల) బిగువు తగ్గడం లాంటివి. ప్రతి లెక్కకూ మూడు దారుల్లో ఒకటి చూపాలి: పాత లెక్క 60 ఏళ్లకూ సరిపోతుంది, లేదా 60 ఏళ్లకు మళ్లీ కట్టాం, లేదా ప్రోగ్రామ్ పెట్టి చూసుకుంటాం.

పాత్ర విషయంలో లోపల క్యాప్సూళ్లలో పెట్టిన అదే ఉక్కు ముక్కలను తీసి, సుత్తిలాంటి లోలకంతో కొట్టి చూస్తారు. ప్రెషరైజ్డ్ వాటర్ రియాక్టర్లలో ఉక్కు పెళుసుదనాన్ని సూచించే ఉష్ణోగ్రత పలకలకు, నిలువు వెల్డింగులకు 270 ఫారన్‌హీట్ డిగ్రీలు, చుట్టు వెల్డింగులకు 300 డిగ్రీలు దాటకూడదన్నది వడపోత హద్దు. మన దేశంలోని భారజల రియాక్టర్లలో ఇలాంటి పాత్ర బదులు ప్రెషర్ ట్యూబులు ఉంటాయి. 220 మెగావాట్ల రియాక్టర్‌లో 306. అవి తయారయ్యేది హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ (ఎన్ఎఫ్‌సీ)లో. పాతబడితే మార్చేయవచ్చు, కల్పాక్కం, నరోరాల్లో మొత్తం మార్చారు కూడా. అమెరికా రియాక్టర్ పాత్రకు ఆ వీలు లేదు. అందుకే ఈ అధ్యాయాన్ని అంత పట్టుగా చదువుతారు.

వీటితోపాటు భద్రతా నివేదికకు అనుబంధం, సాంకేతిక నిబంధనల్లో మార్పులుంటే అవి, పర్యావరణ నివేదిక జతచేయాలి. పర్యావరణ భాగం పేజీలు నింపే పని అనుకోవద్దు. పర్యావరణ సమీక్ష సరిపోలేదని కమిషన్ 2022లో తేల్చడంతో టర్కీ పాయింట్ గడువులు 2032, 2033లకు వెనక్కి వెళ్లాయి. కొత్త సమీక్ష పూర్తయి, పొడిగించిన గడువులు 2024లో గానీ తిరిగి రాలేదు.

సమర్పణ, ఫీజు, ఆ తర్వాత

దరఖాస్తును బాధ్యుడైన అధికారి ప్రమాణపూర్వకంగా సంతకం చేసి ఎలక్ట్రానిక్‌గా పంపాలి. స్థిరమైన ఫీజు లేదు. సమీక్షకు ఎన్ఆర్‌సీ సిబ్బందికి ఎన్ని గంటలు పడితే అన్ని గంటలకు బిల్లు వస్తుంది. కాబట్టి అరకొరగా పంపితే ఖర్చు పెరుగుతుంది.

ముందు సరిపడా వివరాలున్నాయా అని చూసి సమీక్షకు స్వీకరిస్తారు. తర్వాత ప్రకటన వెలువడుతుంది. విచారణ కోరాలనుకునే పౌరులకు 60 రోజుల గడువు ఉంటుంది. ఆడిట్లు, రాతపూర్వక ప్రశ్నలు, భద్రతా మూల్యాంకన నివేదిక, స్వతంత్ర సలహా కమిటీ పరిశీలన వరుసగా నడుస్తాయి. 2025 మే నాటి అధ్యక్ష ఉత్తర్వు ఈ నిబంధనలను తిరగరాయమని, పొడిగింపుపై తుది నిర్ణయానికి ఏడాది గరిష్ఠ గడువు పెట్టమని ఆదేశించింది. అందుకే పని మొదలుపెట్టే రోజున అమల్లో ఉన్న నిబంధనల పాఠాన్ని ఎన్ఆర్‌సీ వెబ్‌సైట్‌లో తప్పకుండా చూసుకోండి.

ప్లాంట్‌లో కొత్త రకం దెబ్బ బయటపడితే ఏళ్లు పట్టవచ్చు. న్యూ హ్యాంప్‌షైర్‌లోని సీబ్రూక్ 2010లో దరఖాస్తు వేసింది. భూగర్భ సొరంగం గోడల్లో ఆల్కలీ-సిలికా చర్య కనిపించింది. సిమెంటులోని క్షారం కంకరలోని సిలికాతో కలిసి జిగురు పదార్థంగా మారి, భూగర్భ జలం పీల్చి ఉబ్బి, కాంక్రీట్‌ను లోపలినుంచి చీలుస్తుంది. గోడ మీద ఎండిన చెరువు నేలలాంటి బీటలు. దానికోసం టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పెద్ద పెద్ద కాంక్రీట్ దిమ్మెలు పోసి పరీక్షించారు, ప్లాంట్‌కు ప్రత్యేక ప్రోగ్రామ్‌లు రాశారు. లైసెన్సు 2019 మార్చిలో చేతికొచ్చింది.

సమీక్ష నడుస్తున్నన్ని రోజులూ ప్లాంట్‌లో వచ్చిన మార్పులను ఏడాదికోసారి దరఖాస్తుకు చేర్చాలి. లైసెన్సు వచ్చాక, మీరిచ్చిన ప్రతి హామీకి ఒక నంబరు, ఒక తేదీ ఉంటాయి. ‘ఒకసారి తనిఖీ’ కింద రాసినవి పొడిగింపు కాలం మొదలవడానికి ముందు పదేళ్లలో పూర్తిచేయాలి. ఎన్ఆర్‌సీ ఇన్‌స్పెక్టర్లు ఆ జాబితా పట్టుకుని ప్లాంట్‌కు వస్తారు. రాసినవాళ్లు అప్పటికి రిటైరై ఉండవచ్చు. అందుకే ప్రతి హామీ పక్కన ఏ భాగం, ఎక్కడుంది, ఏ మూత ఎత్తితే కనబడుతుంది అన్నంత వివరంగా ఇప్పుడే రాసిపెట్టండి.