అమెరికాలో ఎంఎస్ చేస్తూనే మెడికల్ స్కూల్‌లో చేరడానికి కావాల్సిన కోర్సులు పూర్తి చేయడం ఎలా?

ఇంజినీరింగ్ చదివి ఎంఎస్‌కు అమెరికా వెళ్లాక, డాక్టర్ కావాలనే పాత కోరిక మళ్లీ తట్టి లేపుతోందా? ఇంటర్లో ఎంపీసీ తీసుకున్నా ఆ దారి మూసుకుపోలేదు. అక్కడ ఎండీ అంటే మన ఎంబీబీఎస్ లాంటిదే, డిగ్రీ తర్వాత నాలుగేళ్ల చదువు. డిగ్రీ ఏదైనా సరే, అడిగిన సైన్స్ కోర్సులు చదివి ఉంటే అప్లై చేయవచ్చు. వాటినే ప్రీరిక్విజిట్స్ అంటారు.

ముందు వీసా సంగతి. ఎఫ్-1 వీసా (విద్యార్థి వీసా)పై ఉన్నవాళ్లు కోర్సులకు డబ్బు కట్టక ముందే ఇది చూసుకోవాలి. అంతర్జాతీయ విద్యార్థులను అసలు తీసుకోని మెడికల్ స్కూళ్లు చాలా ఉన్నాయి. తీసుకునే వాటిలో కొన్ని, ఫీజు మొత్తాన్ని ముందే ఎస్క్రో ఖాతాలో (మధ్యవర్తి దగ్గర ఉండే ఖాతా) వేయమంటాయి. ఏ స్కూల్ ఏమడుగుతుందో ఏఏఎంసీ (అమెరికా మెడికల్ కాలేజీల సంఘం) వారి ఎంఎస్‌ఏఆర్ అనే ప్రవేశ నిబంధనల డేటాబేస్‌లో చూసి, మీకు పనికొచ్చే స్కూళ్ల జాబితా రాసుకోండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ టెన్షన్ లేదు.

ఏం చదవాలి? స్కూల్‌ను బట్టి కొంత మారినా, సాధారణంగా ల్యాబ్‌తో కలిపి ఏడాది చొప్పున బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, ఆపైన ఒక సెమిస్టర్ బయోకెమిస్ట్రీ ఉండాలి. స్టాటిస్టిక్స్, ఇంగ్లిష్, సైకాలజీ కూడా చాలాచోట్ల అడుగుతారు. బీటెక్ మొదటి ఏడాదిలో చదివిన కెమిస్ట్రీని లెక్కలో వేసుకోకండి. ఎక్కువ స్కూళ్లు ఇవన్నీ అమెరికాలోనో కెనడాలోనో చదవాలంటాయి. మెడికల్ స్కూళ్ల తరఫున అప్లికేషన్లు తీసుకునే ఆమ్‌కాస్ అనే సర్వీస్ కూడా ఇండియా మార్కులను జీపీఏలో (గ్రేడ్ల సగటు) కలపదు. ఎంఎస్ కోర్సుల గ్రేడ్లను వేరే గడిలో చూపిస్తుంది. అంటే మీరు ఇప్పుడు తీసుకునే ఈ కొద్ది కోర్సుల గ్రేడ్లే మీ అండర్‌గ్రాడ్ (డిగ్రీ స్థాయి) జీపీఏ అవుతాయి. అందుకే సెమిస్టర్‌కు రెండుకు మించి తీసుకోవద్దని గట్టిగా చెబుతాను.

కెమిస్ట్రీ నుంచే క్యాలెండర్ వేయండి. జనరల్ ఒకటి, రెండు, తర్వాత ఆర్గానిక్ ఒకటి, రెండు, ఆపైన బయోకెమిస్ట్రీ: ఒకటి పూర్తయితేనే తర్వాతిది. మిగతా సబ్జెక్టులను ఎక్కడైనా సర్దుకోవచ్చు, ఈ వరసను మాత్రం మార్చలేం. 2026 ఫాల్‌లో జనరల్ కెమిస్ట్రీ మొదలుపెడితే, 2027 ఫాల్‌లో ఆర్గానిక్ మొదటి భాగం, 2028 స్ప్రింగ్‌లో రెండో భాగం వస్తాయి. ఆర్గానిక్ ఒకటి అయ్యాక బయోకెమిస్ట్రీకి అనుమతించే కాలేజీలు కొన్ని ఉన్నాయి, అడిగి చూడండి. ఫిజిక్స్‌ను సమ్మర్‌లో పెట్టుకోవచ్చు. ఆర్గానిక్‌ను మాత్రం కొద్ది వారాల సమ్మర్ కోర్సుగా తీసుకోకండి. అది నిదానంగా తలకెక్కాల్సిన సబ్జెక్టు.

రిజిస్టర్ చేసుకునే ముందు ముగ్గురిని అడగాలి. ఎఫ్-1 వాళ్లు డీఎస్‌ఓను (యూనివర్సిటీలో విద్యార్థి వీసాల సంగతి చూసే అధికారి): అండర్‌గ్రాడ్ కోర్సులు మీ ఫుల్‌టైమ్ క్రెడిట్లలోకి రాకపోవచ్చు. పక్క కమ్యూనిటీ కాలేజీలో చదవాలన్నా ముందు ఆయనతో మాట్లాడాలి. ఫీజుల ఆఫీసును: అసిస్టెంట్‌షిప్‌తో (యూనివర్సిటీలోనే చేసే బోధన, పరిశోధన పని) వచ్చే ఫీజు మాఫీ ఈ కోర్సులకు వర్తించకపోవచ్చు. మూడోది ఎంఎస్‌లో మీకు గైడ్‌గా ఉండే ప్రొఫెసర్, అంటే మీ అడ్వైజర్. మధ్యాహ్నాలు గంటల తరబడి ల్యాబ్ క్లాసుకు వెళ్తుంటే ఆయనకు ఎలాగూ తెలుస్తుంది, ముందే మీ నోటితో చెప్పండి. చేరేలోపు ఎంఎస్ పూర్తి చేయాలని చాలా మెడికల్ స్కూళ్లు అంటాయి, ఆయన సిఫార్సు ఉత్తరమూ కావాలి.

చివరగా మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్. బ్రేకులతో కలిపి ఏడున్నర గంటల పరీక్ష, స్కోరు 472 నుంచి 528 వరకు. బయోకెమిస్ట్రీ చదివాకే రాయండి, అందులోంచి ప్రశ్నలు బాగా వస్తాయి. అప్లికేషన్ మే చివర్లోనో జూన్ మొదట్లోనో పంపితే, చేరేది మరుసటి ఏడాది వేసవి చివర్లో. ఒకటి రెండు కోర్సులు మిగిలి ఉన్నా అప్లై చేయవచ్చు, చేరేలోపు పూర్తయితే చాలు. మధ్యలో దొరికే ఆ ఏడాదిలో క్లినిక్‌లోనో ఆస్పత్రిలోనో వాలంటీర్‌గా రోగుల దగ్గర గడపండి.