మృగశిర రాకముందే: పాత ఫోర్ బై ఫోర్ కొనేవారికి జాగ్రత్తలు

వానాకాలంలో ములుగు, భూపాలపల్లి వైపు మట్టి దారులు పట్టడానికి తక్కువ ధరలో పాత ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి) కొనాలనుకుంటే, ఆ పని రోహిణి కార్తెలోనే చేయండి. లో రేంజ్‌లో, అంటే వేగం తగ్గించి లాగే బలం పెంచే గేర్లలో, బండి మనిషి నడిచే వేగంతో కదులుతుంది. ఇంజను మాత్రం గట్టిగా తిరుగుతుంది, రేడియేటర్‌కు ఎదురుగాలి తగలదు. వరంగల్‌లో మే నెల మధ్యాహ్నం అలా కాసేపు నడిపినా టెంపరేచర్ ముల్లు పైకి పోకుండా నిలిచిందంటే రేడియేటర్, వాటర్ పంపు, ఫ్యాన్ బాగున్నాయనే అర్థం. చలికాలంలో చూసి కొన్న బండిలో వీటి లోపం బయటపడదు.

రంగు ఎంత మెరుస్తున్నా ముందు బండి కింద పడుకుని చూడండి. థార్, బొలేరో, స్కార్పియోల్లో వెనుక చక్రాలకు మాత్రమే శక్తి వెళ్లే రకాలూ ఉన్నాయి. 2023 జనవరిలో వచ్చిన థార్ రకం ఒకటి అలాంటిదే. వెనుక డోరు మీద అంటించిన 4×4 స్టిక్కర్ రుజువు కాదు. ముందు చక్రాల మధ్య డిఫరెన్షియల్ (రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె), ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనుక చక్రాలకు శక్తిని పంచే పెట్టె) నుంచి దాని దాకా వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ (శక్తిని మోసే తిరిగే కడ్డీ) కంటికి కనిపించాలి. అవి కనిపించాక ఛాసిస్‌ను చిన్న సుత్తితో తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట శబ్దం మొద్దుగా వస్తుంది. కమాన్ పట్టీలు బిగించే బ్రాకెట్ల దగ్గర కొత్త వెల్డింగు ఉన్నా, కింద అంతా నిన్ననే నల్లరంగు పూసినట్టున్నా వదిలేయండి. సముద్ర తీర ప్రాంతాల నుంచి వచ్చిన బండ్ల విషయంలో మరింత అనుమానంగా ఉండాలి. ఇంజను బాగు చేయించుకోవచ్చు, పుచ్చిపోయిన ఛాసిస్‌ను ఎవరూ బాగు చేయలేరు.

తర్వాత ఫోర్ వీల్ పరీక్ష. ఇది తారు రోడ్డు మీద చేయకూడదు. జిప్సీ, పాత థార్ వంటి వాటిలో ముందు, వెనుక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, షాఫ్టులు అందుకు ఒప్పుకోవు. పొడి రోడ్డు మీద చక్రాలు జారే వీలు లేక ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది, లివర్ బిగుసుకుపోతుంది. ఇసుక నేలకో వదులు మట్టికో తీసుకెళ్లి, బండి పూర్తిగా ఆపి, లో రేంజ్ వేయండి. ముందు హబ్బులను (చక్రాల మధ్య భాగాలను) చేత్తో లాక్ చేయాల్సిన బండి అయితే అది మరవకండి. స్నేహితుడిని కాస్త దూరంగా, పక్కన నిలబెట్టి, ముందు చక్రం కూడా మట్టిని తవ్వుతోందా లేదా చూడమనండి. ఎత్తు ఎక్కేటప్పుడు లివర్ దానంతటదే న్యూట్రల్‌లోకి జారితే ట్రాన్స్‌ఫర్ కేస్ అరిగినట్టే. ఆ రిపేరు ఖర్చు విన్నాక బేరం ఆడటం కన్నా వెనక్కి తిరగడమే నయం.

ఎవరూ మార్పులు చేయని బండినే ఎంచుకోండి. ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసి, పైన లైట్ల వరుస పెట్టిన బండిని చూసి మన కుర్రాళ్లు మురిసిపోతున్నారు. పెద్ద టైరు వీల్ బేరింగులను, స్టీరింగ్ జాయింట్లను త్వరగా తినేస్తుంది. పైగా రిజిస్ట్రేషన్‌లో లేని మార్పులు ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సు దగ్గర ఇబ్బంది పెడతాయి. సైన్యం వేలంలో అమ్మిన జిప్సీ అయినా, వేరే రాష్ట్రం బండి అయినా ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్, పాత ఫైనాన్స్ రద్దు కాగితాలు తేలాకే డబ్బు ఇవ్వండి. చేతిలో ఉన్న మొత్తంలో నాలుగో వంతు పక్కన పెట్టుకుని మిగిలిన దానిలోనే బండి చూసుకోవాలని నా సలహా.

ఆ నాలుగో వంతు మొదట వెళ్లాల్సింది ఆయిళ్లకు, సీళ్లకు. ఇంజన్, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేస్, రెండు డిఫరెన్షియళ్ల ఆయిల్ దింపించండి. పాలు కలిపిన టీ రంగులో వస్తే లోపలికి నీరు చేరిందన్నమాట. ఇక్కడే బ్రీదర్ గొట్టం సంగతి తెలుసుకోవాలి. యాక్సిల్ వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి బ్రీదర్ గుండా బయటకు పోతుంది. వేడి యాక్సిల్‌ను చల్లటి వాగు నీళ్లలో దించగానే ఆ గాలి ఒక్కసారిగా కుంచించుకుంటుంది. బ్రీదర్ మట్టితో మూసుకుపోయినా, నీళ్లలో మునిగినా సీళ్ల సందుల నుంచి నీటిని లోపలికి పీలుస్తుంది. బ్రీదర్‌కు రబ్బరు గొట్టం తగిలించి ఇంజన్ బే పైభాగం దాకా తీసుకెళ్లి కట్టడం చాలా చవకైన పని. లైట్ల మీద పెట్టే డబ్బులో పదో వంతు కూడా కాదు.

టైరు పక్కన ఉండే నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గాడులు లోతుగా ఉన్నా రబ్బరు పగిలితే మార్చాల్సిందే. ఇసుకలో, మెత్తటి నేలలో గాలి 18-20 పీఎస్‌ఐ దాకా తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. తిరిగి తారు రోడ్డెక్కేముందు నింపుకోవడానికి చిన్న కంప్రెసర్, గేజి వెంట ఉండాలి. మన నల్లరేగడిని మాత్రం తక్కువ అంచనా వేయకండి. తడిస్తే టైరు గాడులన్నీ నిండిపోయి నున్నటి చక్రంలా మారుతుంది. నాలుగు చక్రాలూ తిరుగుతూనే ఉంటాయి, బండి పక్కకు జారుతూ ఉంటుంది. గట్టి వాన పడిన మర్నాడు రేగడి దారిలోకి వెళ్లకపోవడమే మంచిది. విత్తిన పత్తి చేల గట్లు తొక్కి ఒక రైతు సాలు పాడుచేసే హక్కు మనకు ఎటూ లేదు.

కూరుకుపోతే పల్లెల్లో ఆదుకునేది ట్రాక్టరే. గొలుసుతో జర్కు ఇచ్చి లాగనివ్వకండి. తెగిన గొలుసు ప్రాణం తీస్తుంది. ఛాసిస్‌కు బిగించిన హుక్కుకే, బంపర్‌కు కాదు, మంచి బెల్టు కట్టి, దాని మీద గోనెసంచి కప్పి, చుట్టూ ఉన్నవారిని దూరంగా పంపి, నిదానంగా లాగించండి. జాకీ కింద పెట్టడానికి వెడల్పాటి చెక్క ఒకటి తప్పకుండా ఉండాలి.

ఇక పారే వాగు. 2023 జూలై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరే మునిగింది. పైన ఎక్కడో కురిసిన వాన కింద ఎండలో నిలబడ్డ మనకు తెలియదు. కంపెనీ చెప్పే 500, 650 మిల్లీమీటర్ల లోతు లెక్కలు నిలిచిన నీటికి. వేగంగా పారే నీరు రెండడుగులుంటే చాలా బండ్లను తోసేస్తుంది, అంతకన్నా తక్కువలోనే తేలికైన జిప్సీ తేలుతుంది. ఎదుట కల్వర్టు కనిపించకుండా నీరు పారుతుంటే వెనక్కి తిరగండి, రాత్రయినా, ఇంట్లో వాళ్లు ఎదురుచూస్తున్నా. నిలిచిన నీటిలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయవద్దు. సిలిండర్‌లోకి చేరిన నీరు గాలిలా నొక్కితే కుంచించుకోదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజన్ ప్రొటెక్షన్ లేని మామూలు పాలసీలు ఈ నష్టాన్ని సాధారణంగా భరించవు.

ఏటూరునాగారం, పాఖాల అభయారణ్యాల్లో, కవ్వాల్ టైగర్ రిజర్వులో అటవీశాఖ అనుమతి లేకుండా దారి వదిలి తిరగడం నేరం. అక్కడ ప్రజా రోడ్డు దాటకండి.

ఇంటికి చేరిన మర్నాడే కింది భాగమంతా నీళ్లతో కడిగించండి. బ్రేకు డ్రమ్ములు విప్పించి మట్టి తీయించి, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులకు గ్రీజు కొట్టించండి. వాగు దాటి ఉంటే డిఫరెన్షియల్ ఆయిల్ రంగు మళ్లీ ఒకసారి చూసుకోండి.