విజయవాడ, గుంటూరు ఎండల్లో హైడ్రోపోనిక్స్ వేళ్లు కుళ్లకుండా ముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మేడ మీదో, బాల్కనీలోనో, లైట్లు పెట్టిన గదిలోనో హైడ్రోపోనిక్స్‌లో, అంటే మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీళ్లలో, ఆకుకూరలు పెంచుతున్నవాళ్లు శివరాత్రి దాటగానే తొట్టిలోని నీళ్ల మీద కన్నేసి ఉంచాలి. మన విజయవాడ, గుంటూరుల్లో చలికాలమంతా లెట్యూస్, పాలకూర, పుదీనా ఏ గొడవా లేకుండా పెరుగుతాయి. ఉగాది వచ్చి వెళ్లేసరికి కథ మారిపోతుంది. తొట్టి నిండా నీళ్లున్నా మధ్యాహ్నం అయ్యేసరికి మొక్క తలవాల్చేస్తుంది, సాయంత్రానికి మళ్లీ లేస్తుంది. మొదట్లో ఎండ దెబ్బే అనుకుంటాం. ఓ వారం గడిచాక సాయంత్రం కూడా లేవదు. అప్పుడు మొక్క కూర్చున్న జాలీ కప్పును (నెట్ కప్పు) పైకెత్తి చూస్తే వేళ్లు గోధుమరంగులోకి తిరిగి, జిగురుగా, మురుగు వాసనతో ఉంటాయి. అక్కడిదాకా వచ్చిన మొక్కను నిలబెట్టడం చాలా కష్టం. అందుకే చేయాల్సిన పనులన్నీ ఎండలు ముదరకముందే అయిపోవాలి.

ఈ వేరుకుళ్లు గురించి ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే సలహాల్లో చాలావరకు చలిదేశాల్లో మూసిన గదుల్లో గంజాయి పెంచేవాళ్ల కోసం రాసినవే. మన దగ్గర లైసెన్సు లేకుండా గంజాయి పెంచడం 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద నేరం, ఆ జోలికి పోనే వద్దు. ఆకుకూరల కోసం ఆ సలహాలు చదివినా ఒక ఇబ్బంది ఉంది. గది చల్లగా ఉంటుందని ముందే అనుకుని, ఏ మందు ఎంత కలపాలన్న దగ్గర మొదలుపెడతారు. మనకు మాత్రం అసలు సమస్య ఆ చల్లదనం లేకపోవడమే. నీళ్లు కాగిపోతుంటే ఏ సీసాలోని మందూ వేళ్లను కాపాడదు.

కారణం ఇదీ. వేళ్లు కూడా ఊపిరి పీలుస్తాయి. మట్టిలో అయితే కణాల మధ్య గాలి ఉంటుంది, హైడ్రోపోనిక్స్‌లో నీళ్లలో కరిగిన ఆక్సిజనే దిక్కు. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు, 35 డిగ్రీలకు ఏడు లోపుకు దిగుతుంది. ఇది నీళ్లు పట్టుకోగలిగిన గరిష్ఠ పరిమితి మాత్రమే, గాలి సరిగా అందని తొట్టిలో ఇంకా తక్కువే ఉంటుంది. పైగా వేడిలో వేళ్లు ఆక్సిజన్‌ను మామూలుకంటే ఎక్కువ వాడుకుంటాయి. అంటే అవసరం పెరిగిన సమయంలోనే సరఫరా పడిపోతుంది. ఊపిరాడని వేరు బలహీనపడగానే దాన్ని కుళ్లబెట్టే పిథియం అనే సూక్ష్మజీవి దిగుతుంది.

ఈ పిథియం మన రైతులకు కొత్తది కాదు. మిరప నారుమళ్లలో మొలకలు మొదలు దగ్గర మెత్తబడి పడిపోయే నారుకుళ్లుకూ, దుగ్గిరాల వైపు పసుపు రైతులను ఏడిపించే దుంపకుళ్లుకూ ఈ జాతి జీవులే కారణం. చూడటానికి శిలీంధ్రంలా ఉన్నా అసలు శిలీంధ్రం కాదు. దీని బీజాలు నీళ్లలో ఈదుకుంటూ వెళ్లి వేళ్లకు పట్టుకుంటాయి. అందుకే పైపుల సిస్టమ్‌లో ఒక మొక్కకు వచ్చిన తెగులు అదే నీళ్లు తిరిగే మొక్కలన్నిటికీ చేరుతుంది. ఇందులో పిథియం అఫానిడెర్మాటమ్ అనే రకానికి 30 డిగ్రీలు దాటిన వేడి అంటే మహా ఇష్టం. మన మే నెల దానికి పండగే.

కాబట్టి మొట్టమొదట కొనాల్సింది నీళ్లలో ముంచే థర్మామీటరు. అక్వేరియం షాపుల్లో దొరికే చవకరకం చాలు. గాలి ఉష్ణోగ్రత టీవీలో చెబుతారు, మీ తొట్టి సంగతి మీరే చూసుకోవాలి. పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూసి గోడ క్యాలెండరు మీద రాసుకోండి. 25 లోపు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. 28 దాటుతోందంటే ఇక ఆలస్యం చేయకండి.

నీళ్లను చల్లగా ఉంచడం

తొట్టి ఎక్కడుందన్నదే సగం సమస్య. మేడ మీద శ్లాబు రాత్రి పది దాటినా వేడి కక్కుతూనే ఉంటుంది. నేరుగా దాని మీద పెట్టిన తొట్టి పైనుంచీ కిందనుంచీ కూడా కాగుతుంది. వీలైతే తొట్టిని ఇంట్లోకో, మెట్ల కిందికో, తూర్పు వైపు నీడలోకో మార్చండి. కుదరకపోతే కింద ఇటుకలు పేర్చి, వాటి మీద థర్మోకోల్ పలక వేసి పెట్టండి. చుట్టూ కూడా థర్మోకోల్ కట్టొచ్చు. పైన షేడ్ నెట్ ఎలాగూ ఉండాలి. మొక్కలకు వేసిన నెట్ పైపుల మీదికి, తొట్టి మీదికి కూడా వచ్చేలా చూసుకోండి. మేడ మీద పీవీసీ పైపులు ఎండకు తగిలితే వాటిలో పారే పల్చటి నీళ్లు తొట్టికంటే ముందే వేడెక్కుతాయి. తెల్ల పెయింటు వేస్తే కొంత ఉపశమనం.

తొట్టి ఎంత పెద్దదైతే అంత నెమ్మదిగా కాగుతుంది. పది లీటర్ల బకెట్ రెండు గంటల ఎండకే వేడెక్కిపోతే, వంద లీటర్ల డ్రమ్ము సాయంత్రం దాకా తట్టుకోగలదు. వేసవికి ముందు ఒక్క ఖర్చే పెట్టగలిగితే పెద్ద తొట్టి కొనమనే చెబుతాను.

తడి గోనె సంచి చుట్టడం మన ఇళ్లలో అందరికీ తెలిసిన పద్ధతే. పడమటి నుంచి పొడి వడగాడ్పు వీచే రోజుల్లో అది చక్కగా పనిచేస్తుంది. సంచి ఆరిపోకుండా గంటగంటకూ తడుపుతుండాలి, గాలి తగలాలి. సముద్రపు గాలి తిరిగి ఉక్కపోత మొదలైన రోజుల్లో మాత్రం దాని మీద ఆశ పెట్టుకోకండి, తేమ గాలిలో నీరు అంతగా ఆవిరవదు కాబట్టి చల్లదనం పెద్దగా రాదు.

ఐసు బాటిళ్ల విషయంలో ఒక లెక్క తెలిసి ఉండాలి. లీటరు బాటిల్లో గడ్డకట్టిన ఐసు పూర్తిగా కరిగితే 20 లీటర్ల బకెట్లో నాలుగైదు డిగ్రీల దాకా తగ్గించగలదు. అదే 200 లీటర్ల డ్రమ్ములో వేస్తే అర డిగ్రీ కూడా కష్టమే. చిన్న తొట్లున్నవాళ్లకు ఇది మంచి ఉపాయం, పెద్ద తొట్టికి మాత్రం నీడ, థర్మోకోల్ తప్ప దారి లేదు. బాటిల్‌ను పైదాకా నింపకండి, గడ్డకట్టేటప్పుడు పగులుతుంది. మూత గట్టిగా బిగించి, పదకొండు గంటలకు ఒకటి, రెండున్నరకు ఒకటి అలా వేయండి. అన్నీ ఒకేసారి వేస్తే వేళ్లకు అదీ దెబ్బే.

ఇంకొక మాట. మధ్యాహ్నం పూట మేడ మీది నల్ల ట్యాంకులోంచి వచ్చే నీళ్లు చేతికే కాలుతుంటాయి. ఆ నీళ్లతో తొట్టి నింపితే పొద్దున్నుంచి పడ్డ కష్టమంతా వృథా. తెల్లవారుజామున పట్టి పెట్టుకున్న నీళ్లే వాడండి.

గాలి, కరెంటు

నీళ్లలోకి గాలి బుడగలు పంపే ఎయిర్ పంపు రోజంతా నడవాలి. చలికాలంలో టైమర్ పెట్టి నడిపినవాళ్లు ఏప్రిల్ నుంచి టైమర్ తీసేయండి. పంపును ఎండలో పెడితే వేడిగాలినే లోపలికి నెడుతుంది, నీడలో పెట్టండి. నీటి మట్టంకంటే ఎత్తులో ఉండాలి, లేదా ట్యూబుకు ఒక చిన్న చెక్ వాల్వు పెట్టాలి. లేకపోతే కరెంటు పోగానే నీళ్లు ట్యూబులోంచి వెనక్కి పాకి పంపులోకి వచ్చేస్తాయి. బోరు నీళ్లు వాడేచోట ట్యూబు చివర బుడగలు వదిలే రాయి (ఎయిర్ స్టోన్) రంధ్రాలకు సున్నం పట్టేసి బుడగలు తగ్గిపోతాయి. కొత్తది మార్చడమో, వెనిగర్‌లో నానబెట్టి కడగడమో ముందే చేయండి.

వేసవిలో కరెంటు పోవడం మామూలే. చిన్న ఎయిర్ పంపు తినే కరెంటు చాలా తక్కువ, ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దానికి కలపడానికి వెనకాడకండి. పైపుల సిస్టమ్ ఉన్నవాళ్లకు టెన్షన్ ఎక్కువ. వాటిలో నీళ్లు ఆగిపోతే వేళ్లకు నిల్వ అంటూ ఏమీ ఉండదు, మే నెల మధ్యాహ్నం కాసేపటికే ఎండటం మొదలవుతుంది. అలా ఒకసారి ఎండిన వేళ్ల చివర్లే తర్వాత కుళ్లుకు దారి ఇస్తాయి. పైపు చివర చిన్న అడ్డుకట్టలాంటిది పెట్టి ఒక సెంటీమీటరు నీళ్లు నిలిచేలా చేసుకుంటే కొంత సమయం దొరుకుతుంది. నీళ్లు తిప్పే పంపు తొట్టి నీళ్లలోనే ఉంటుంది కాబట్టి ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. తొట్టిలో చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆపడం ఇంట్లో అందరికీ, ముఖ్యంగా పిల్లలకు, అలవాటు చేయండి.

పంపుల్లేకుండా బకెట్లో పెంచేవాళ్లకు వేరే జాగ్రత్త. నీళ్లు తగ్గేకొద్దీ పైన గాలిలో తెల్లటి నూగులాంటి వేళ్లు వస్తాయి, అవే ఆ మొక్కకు ఊపిరి. నీళ్లు తగ్గాయి కదా అని మళ్లీ మెడదాకా నింపితే ఆ వేళ్లు మునిగి చచ్చిపోతాయి. బకెట్‌లో కిందిభాగం వరకే పోయండి.

వెలుతురు, న్యూట్రియంట్

తొట్టిలోకి వెలుతురు పడితే పాచి పడుతుంది. పాచి చచ్చి కుళ్లితే ఉన్న ఆక్సిజన్‌ను అదే తినేస్తుంది. నెట్ కప్పుల పక్క సందులు, ఖాళీ రంధ్రాలు, పల్చటి ప్లాస్టిక్ మూతలు అన్నీ మూసేయండి. లోపల నలుపు, బయట తెలుపు ఉంటే మంచిది.

ఎండల్లో మొక్క న్యూట్రియంట్ (నీళ్లలో కలిపే పోషకాలు) కంటే నీళ్లు ఎక్కువ తాగుతుంది, అందుకే తొట్టిలో ఉప్పు చిక్కబడుతూ పోతుంది. చిక్కబడిన నీళ్లు వేళ్ల చివర్లను కాలుస్తాయి. లెట్యూస్‌కు చలికాలంలో ఈసీ (నీళ్లలో ఎంత ఉప్పు కరిగి ఉందో చూపే కొలత) 1.4, 1.6 దగ్గర నడిపినవాళ్లు ఏప్రిల్‌లో 1.0 చుట్టుపక్కలకు దించండి. తగ్గిన మేరకు మామూలు నీళ్లే పోసి, మళ్లీ కొలిచాకే న్యూట్రియంట్ సంగతి చూడండి. పీహెచ్ 5.5, 6.5 మధ్య ఉండాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉన్న పేటల్లో ఆర్‌ఓ నీళ్లు కలిపి వాడక తప్పదు.

వేళ్లను చూడటం, తేడా వస్తే

వారానికి ఒకసారి ప్రతి వరుసలో ఒక మొక్కను ఎత్తి చూడండి. వేళ్ల రంగు మారినంత మాత్రాన కంగారు పడొద్దు. న్యూట్రియంట్‌లోని ఇనుము వల్ల, కొబ్బరిపొట్టు వల్ల టీ రంగు పడుతుంది, కానీ వేరు గట్టిగానే ఉంటుంది, వాసన ఉండదు. వేరును చేతి రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగండి. పై పొర జారి వచ్చేసి, లోపల సన్నటి దారంలాంటి నార మాత్రమే మిగిలితే అది కుళ్లు.

అలాంటి మొక్కను ఆ రోజే తీసేయండి, ప్రేమకొద్దీ ఉంచితే మిగతావాటికి అంటిస్తుంది. నీళ్లన్నీ పారబోసి, తొట్టి కడిగి, పల్చటి కొత్త న్యూట్రియంట్ పోయాలి. మిగిలిన మొక్కల్లో చచ్చిన వేళ్లను శుభ్రమైన కత్తెరతో తీసేసి, పోయినన్ని వేళ్లకు తగ్గట్టు కొన్ని ఆకులు కూడా కోసేయండి. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ కొందరు వాడతారు. 3 శాతం ఉన్నదైతే లీటరుకు 2, 3 మిల్లీలీటర్లు. సీసా మీద 6 శాతం అని ఉంటే అందులో సగమే. దాని ప్రభావం ఒకట్రెండు రోజులే, నీళ్లు వేడిగానే ఉంటే కుళ్లు మళ్లీ వస్తుంది. అది మంచి సూక్ష్మజీవులను కూడా చంపుతుంది కాబట్టి తెగులును అడ్డుకునే ట్రైకోడెర్మా, సూడోమోనాస్ లాంటి మంచి సూక్ష్మజీవులను వేసిన తొట్టిలో వాడొద్దు. జీవ ఎరువుల షాపులో దొరికే ఈ సరుకు కూడా తెగులు రాకముందు వేస్తేనే ఫలితం. పొడి రకం ఎయిర్ స్టోన్లకు అడ్డుపడుతుంది, ద్రవరూపంలో ఉన్నది తీసుకోండి.

పొలంలో పసుపుకూ మిరపకూ వాడే మెటలాక్సిల్ లాంటి మందులను మాత్రం తొట్టిలో కలపొద్దు. వేళ్ల ద్వారా పైకెక్కే మందు అది. వారం తిరక్కుండా ఆ ఆకులనే మన పిల్లలు తింటారు. ఏ తెగులో తేల్చుకోలేకపోతే కుళ్లిన వేరును కవర్లో వేసుకుని గుంటూరు పక్కన లాంలో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లి అడగండి.

మట్టిలో పెంచిన నారు తెచ్చి కడిగి పెట్టడం చాలామందికి అలవాటు. వేసవిలో ఆ పని మానేయండి, ఆ మట్టితోనే పిథియం వస్తుంది. విత్తనాన్ని స్పాంజిలోనే మొలిపించుకోండి.

రోహిణి కార్తె వరకు

ఇంత చేసినా లెట్యూస్ మేలో నిలబడటం కష్టం. తొట్టి చల్లగా ఉంచినా పైన వేడికి పూత తీసి చేదెక్కుతుంది. ఏప్రిల్ మొదట్లోనే దాన్ని కోసేసి, ఆ చోట తూటికూర, తోటకూర, బచ్చలి వేయడం తెలివైన పని. తూటికూర చెరువు గట్టున వేడి నీళ్లలోనే పెరిగే మొక్క, మన తొట్టి దానికి సుఖంగానే ఉంటుంది.

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో అసలు సిస్టమ్ ఆపేస్తానంటే నేనైతే సరేనంటాను. ఆపేటప్పుడు ఖాళీ చేసి వదిలేయకూడదు. పైపుల మలుపుల్లో ఇరుక్కున్న ఎండు వేరుముక్కల్లో పిథియం నెలల తరబడి బతికే ఉంటుంది. వాటిని బ్రష్‌తో లాగేసి, బట్టల బ్లీచ్ ఒక పాలుకు నీళ్లు తొమ్మిది పాళ్లు కలిపి అరగంట ఉంచి, మంచినీళ్లతో రెండుమూడుసార్లు కడిగి ఎండబెట్టండి. పీహెచ్ తగ్గించే యాసిడ్, బాత్రూమ్ యాసిడ్ ఆ బ్లీచ్ దరిదాపుల్లోకి రాకూడదు, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. తలుపులు తెరిచి, చేతులకు గ్లౌజులు వేసుకునే ఈ పని చేయండి. ఎయిర్ ట్యూబులు, స్టోన్లు, స్పాంజిలు పాతవి పారేసి, లెట్యూస్ విత్తనం మళ్లీ దసరా తర్వాత చల్లుకోండి.