ఇసుకసీమ కథ రాద్దాం – మూడో పాఠం: నీళ్ల లెక్క

పోయిన పాఠంలో కథానాయికకు పేరు, వయసు, ఊరు పెట్టుకున్నాం. మన ఉదాహరణలో ఆమె పదహారేళ్ల మారెక్క. ఇసుక కింద ఊరే నీళ్ల చప్పుడు ఆమెకు వినిపిస్తుంది. ఇక్కడికి రాగానే చాలామంది కత్తులు, కోటలు, రాక్షసుల మీద పడిపోతారు. కాసేపు ఆగండి. ఎడారి కథలో మొదటి శత్రువు దప్పిక. ఎవరి దగ్గర ఎన్ని నీళ్లున్నాయో తేలకపోతే పాఠకులు ఆ ఎడారిని నమ్మరు, అందులో నడిచే అమ్మాయినీ నమ్మరు.

అనంతపురం జిల్లాలో ఉండి ఈ పాఠం నేర్చుకోవడం మనకు కలిసొచ్చే విషయం. ఇక్కడ ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మామూలుగా 250 కన్నా తక్కువ పడే చోటునే ఎడారి అంటారు కాబట్టి మనది ఎడారి కాదు. అయినా బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు దగ్గర, హగరి ఏటి ఒడ్డున, నిజమైన ఇసుక దిబ్బలున్నాయి. ఆషాఢం గాలికి ఆ ఇసుక లేచి చేల మీద పడుతుంది. వీలైతే ఒకసారి వెళ్లి చూడండి. గాలి వచ్చే వైపు దిబ్బ వాలు తక్కువగా, ఇసుక కాలికి గట్టిగా ఉంటుంది. అవతలి వైపు ఇసుక జారి నిలుస్తుంది కాబట్టి నిట్రంగా ఉంటుంది. ఎండు ఇసుక దాదాపు 34 డిగ్రీల వాలు దాకా నిలబడుతుంది, అది దాటితే జారిపోతుంది. అటువైపు అడుగేస్తే కాలు దిగబడుతుంది. ఏ కాలంలో ఏ దిక్కు నుంచి గాలి వీస్తుందో తెలిసిన మారెక్క, మబ్బు పట్టిన రోజున కూడా దిబ్బను చూసి దారి చెప్పగలదు. దానికి మంత్రం అక్కర్లేదు.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. మారెక్క బిడారులో 8 మంది ఉన్నారు. తోలు తిత్తుల్లో 60 లీటర్ల నీళ్లున్నాయి. తర్వాతి బావికి మూడు రోజుల నడక. మండే ఎండలో నడిచే మనిషికి గంటకు లీటరు దాకా చెమటగా పోతుంది, కాబట్టి పగలు కొన్ని గంటలు నడిచినా రోజుకు 5 లీటర్లు కావాలనుకుందాం. 8 మందికి రోజుకు 40. ఒకటిన్నర రోజుకే తిత్తులు ఖాళీ. సరే, పగలు నీడన పడుకుని రాత్రిళ్లు నడిచారు, మనిషికి 3 లీటర్లతో సరిపెట్టుకున్నారు. రోజుకు 24, మూడు రోజులకు 72. ఇంకా 12 లీటర్లు తక్కువ.

మీ కథ ఆ 12 లీటర్లలోనే ఉంది. ఎవరి వంతు తగ్గించాలి? ముసలాయనదా, పాలిచ్చే తల్లిదా, దారి తెలిసినవాడిదా? ఆ కొలత గిన్నె మారెక్క చేతికివ్వండి. కత్తి ఇస్తే ఆమె బలం మాత్రమే తెలుస్తుంది. గిన్నె ఇస్తే ఆమె ఎలాంటి మనిషో తెలుస్తుంది.

ఒంటెల గురించి ఒక్క మాట. మూపురంలో ఉండేది కొవ్వు, నీళ్లు కాదు. బాగా దప్పికైన ఒంటె ఒక్క విడతలో వంద లీటర్లకు పైగా తాగేస్తుంది. చిన్న బావి దగ్గర ముందు ఎవరు తాగాలన్న గొడవ అక్కడే పుడుతుంది.

ఇక మాయ. నీళ్ల చప్పుడు వినగలిగే అమ్మాయికి కష్టమేముంది, వినడం, తవ్వడం, తాగడం అంతేగా అని ఎవరైనా అడుగుతారు. అందుకే ఒక షరతు పెడదాం: తాను దప్పికతో ఉన్నప్పుడే మారెక్కకు ఆ చప్పుడు వినిపిస్తుంది. కడుపునిండా తాగిందంటే మళ్లీ గొంతు ఎండేదాకా ఇసుక ఆమెతో మాట్లాడదు. ఇప్పుడు ఆమె శక్తే ఆమెకు సమస్య. తాను దొరికించిన నీళ్లు అందరూ తాగుతుంటే, రేపటి కోసం తాను మాత్రం పెదవి తడుపుకుని ఊరుకోవాలి. మీ కథలో మాయ వేరేదైనా ఇదే పని చేయండి: షరతు నేరుగా కథానాయిక ఒంటికి, ఆమె ఆశకు తగలాలి.

ఒక ముక్క రాసి చూపిస్తాను. పెన్నలో చెలమ తీయడం చూసినవాళ్లకు ఇది వెంటనే కళ్లకు కడుతుంది.

"మారెక్క ఏటి మలుపులో మోకాళ్ల మీద కూర్చుంది. పై ఇసుక చేతులు కాలుస్తోంది. మోచేతి లోతున తడి తగిలింది. అంచులు కూలుతుంటే గుంతను వెడల్పు చేసింది. అడుగున మట్టినీళ్లు ఊరాయి. చిప్పతో తోడి పక్కన పారబోసింది. 'నీళ్లు యాల పారబోస్తాండావక్కా?' తమ్ముడి గొంతు పగిలింది. 'తొలినీళ్లు గుంత కడిగేదానికిరా. రెండో ఊట మనది.' తేట నీళ్లు చిప్పెడు కావడానికి చాలాసేపు పట్టింది. చిప్ప వాడికిచ్చి, తాను తడిచేతిని పెదవులకు అద్దుకుంది."

ఆమె ధైర్యవంతురాలని ఇందులో ఎక్కడా రాయలేదు. దప్పికతో ఉండి నీళ్లు పారబోసింది, అది చాలు. మాటలు కూడా మన సీమ మాటలే. ఊహాలోకమని గ్రాంథికం మాట్లాడించకండి, పాత్రలు కొయ్యబారిపోతాయి.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంటే ఊరి కోసం బలైన కోడలు ముసలమ్మ కథ మనందరికీ తెలుసు. ఆ కట్టను ఇప్పటికీ ముసలమ్మ కట్ట అనే అంటారు. ఆ తల్లికి చేతులెత్తి మొక్కుతాను. కానీ ఈనాటి పదహారేళ్ల పాఠకురాలి చేతిలో పెట్టే కథలో, ఊరు బతకాలంటే ఆడపిల్ల పోవాల్సిందే అన్న లెక్కను మారెక్క ఒప్పుకోకూడదని నా పట్టుదల. 'ఇంకో దారి చూశారా?' అని ఆమె పెద్దలను నిలదీయాలి. ఆ దారిని వెతికే కష్టం కూడా ఆమెదే కావాలి, అప్పుడే అది వట్టి మాటగా మిగలదు.

అభ్యాసం ఇది. మూడో రాత్రి. తిత్తిలో రెండు లీటర్లే మిగిలాయి. మారెక్కకు ఇసుక కింద చప్పుడు వినిపిస్తోంది కానీ ఒళ్లు తూలుతోంది. తాగితే నడవగలదు, చప్పుడు ఆగిపోతుంది. తాగకపోతే వినగలదు, ఎంతసేపు నిలబడుతుందో తెలియదు. తమ్ముడు గిన్నె అందించాడు. రెండు పేజీల్లో రాయండి. ధైర్యం, సాహసం, కన్నీళ్లు అన్న మాటలు వాడొద్దు. ఆమె తాగినా సరే, తాగకపోయినా సరే, కారణం ఆమె నోటి నుంచే రావాలి.

నాలుగో పాఠంలో బావి కాపలావాళ్ల దగ్గరికి వెళ్తాం. తిత్తి నీళ్లకు వాళ్లు ఏం ధర అడుగుతారో ముందే ఆలోచించి పెట్టుకోండి. డబ్బు మాత్రం కాకూడదు.